బావ ప్రమోషనూ, అప్ప నల్లేరూ

ఆ రోజుల్లో నాకు సందేహాలు ఉండేవి కావు, ఇతరుల నమ్మకాల మీద తప్ప. డెబ్భైల చివర్లో జంషెడ్‌పూర్ వచ్చి, గోల్‌మురిలో మా అప్పా (మా వైపు అక్కను అలాగే పిలుస్తాం) బావల కంపెనీ క్వార్టరులో, ముందుగదిలో మంచం వేసుకుని, పగలు అప్రెంటిస్‌గా ఇనుమునూ, సాయంత్రం తెలుగువాళ్ల సంఘం గదిలో హేతువాదాన్నీ సానపడుతూ ఉన్న కాలమది. శకునాల మీద, దిష్టి మీద, ముహూర్తాల మీద నేను నిప్పులు చెరిగేవాణ్ని. ఎదుట కూర్చున్నవాళ్లు (పగలంతా అసలు నిప్పుల ముందు పనిచేసి వచ్చినవాళ్లు) ఓపిగ్గా విని, టీ తాగి వెళ్లేవారు. వాళ్లు ఎదురు చెప్పకపోవడాన్ని నేను నా గెలుపు కింద జమకట్టుకునేవాణ్ని. ఆ వయసులో మౌనాన్ని అంగీకారం అనుకోకపోతే ఉపన్యాసకుడన్నవాడు బతకలేడు.

ఇంట్లో మాత్రం నేను గెలవలేని వాదం ఒకటి పాత వనస్పతి డబ్బాలో పెరుగుతూ ఉండేది. అది అప్ప నల్లేరు. పెళ్లయి శ్రీకాకుళం నుంచి వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఒక ముక్క పెట్టుకొచ్చి నాటిందట. నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకీ ఓ అతుకు, అతుకు దగ్గర పట్టుకోవడానికి ఓ నులితీగ. నీళ్లు ఒంట్లోనే దాచుకుంటుంది కనక మనం పోసినా మానినా దానికి లెక్కలేదు. కాస్త ఎండ కనిపిస్తే చాలు, పాకిపోతుంది. అది కిటికీ చువ్వలు పట్టుకుని పైకెక్కింది, అది ఎక్కిన కొద్దీ బావ ఉద్యోగంలో పైకెక్కాడు. ఇదీ అప్ప సిద్ధాంతం. తీగ కిటికీ సగానికి వచ్చినప్పుడు బావ ఖలాసీ నుంచి ఫిట్టరయ్యాడు. వెంటిలేటరు అందుకున్నప్పుడు ఈ క్వార్టరు దొరికింది. అందుచేత దాన్ని కొయ్యకూడదు, కత్తి చూపించకూడదు, "అబ్బ, ఎంత పెరిగిందో" అని పైకి అననైనా అనకూడదు.

ఆ వేసవిలో తీగ ఇంటి కప్పు తాకింది. ఇక ఎక్కడానికి చోటు లేక, గదికి అడ్డంగా బట్టలు ఆరేసుకోవడానికి కట్టిన దండెం మీదుగా నడిచివెళ్లి, సీలింగ్ ఫ్యాను కాడకు నులితీగ చుట్టింది. ఫ్యాను తిరిగితే తీగ తెగుతుంది. తీగ తెగితే బావ ఉద్యోగం ఏమవుతుందో ఊహించలేం. కనక అప్ప ఫ్యాను స్విచ్చి మీద పసుపుబొట్టు పెట్టి, దాన్నెవరూ ముట్టుకోకూడదని ఆజ్ఞాపించింది. (జంషెడ్‌పూర్‌లో మే నెల గడిపినవాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగి, మా మీద జాలిపడి, తర్వాత ముందుకు వెళ్లవలసిందిగా ప్రార్థన.)

"నువ్వైనా చెప్పు బావా," అని మొరపెట్టుకున్నాను.

బావ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి బనీను పిండుకుంటున్నాడు. "నన్ను లాగకు బామ్మర్దీ. వచ్చే వారం చార్జ్‌మేన్ ఇంటర్వ్యూ. బాద్ మే దేఖేంగే, తర్వాత సూద్దాం."

"ఇంటర్వ్యూకీ తీగకీ సంబంధమేమిటి?"

"సంబంధం ఏటీ నేదు. మరి రిస్కెందుకు?"

నేను మళ్లీ అప్ప దగ్గరికే వెళ్లాను.

అప్ప నా మాట నమ్మలేదు సరికదా, శకునాల తాతను పిలిపించింది. ఆయన టాటానగర్‌లో రైల్వే పని చేసి రిటైరై, మా వీధిలోనే ఉంటున్న పెద్దమనిషి. సంఘం గదిలో నాకు శాశ్వత ప్రతిపక్షం. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, కప్పు వైపు చూసి, పెదవి విరిచాడు. "ఇది ఇంక కిందకి దిగుతాది తల్లీ. ఇది దిగితే అల్లుడి ఉజ్జోగం దిగీదే."

"మరేటి సెయ్యాల తాతా?"

"కొయ్యకూడదు. దిగనివ్వకూడదు. పట్టీసి నిలబెట్టాల."

అప్ప బల్ల ఎక్కి, పాత చీర పేలికలతో తీగను కప్పు దూలానికి కట్టడం మొదలుపెట్టింది. నాకు రక్తం ఉడికింది (గదిలో అప్పటికే అన్నీ ఉడుకుతున్నాయి). "తాతా, విను! దీన్ని నేను మోకాలెత్తుకు నరుకుతాను. బావకు ప్రమోషన్ వచ్చి తీరుతుంది. రాకపోతే ఇంకెప్పుడూ సంఘం గదిలో నోరెత్తను!"

"నా ఉజ్జోగం మీద పందెమేటిరా!" అని బావ లోపలినుంచి కేక పెట్టాడు. ఆ కేకలో న్యాయముంది. కానీ చరిత్ర మలుపుల దగ్గర న్యాయం ఎవరికి వినిపిస్తుంది?

ఆదివారం అప్ప సాక్చీ బజారుకు వెళ్లగానే పని పట్టాను. నల్లేరు ముట్టుకునే ముందు చేతులకు నూనె రాసుకోవాలని అప్ప ఎప్పుడూ చెప్పేది. అదీ ఒక తంతేనని తీర్మానించి, వట్టి చేతులతో కోశాను. మోకాలెత్తున మోడు మిగిలింది. ఫ్యాను స్విచ్చి వేశాను. ఆ మొదటి గాలి హేతువాదం గాలిలాగే వీచింది. దాని వెనకే దురద వచ్చింది. వేళ్ల మొదట్లో పుట్టి, మోచేతులదాకా పాకి, అక్కణ్నుంచి మెడకెక్కింది. నల్లేరు కంటే వేగంగా ఎక్కింది.

సంచీతో లోపల అడుగుపెట్టిన అప్ప అక్కడే నిలబడిపోయింది. "ఓలమ్మో! మా ఆయన్ని మోకాలికాడికి నరికీసినావురా!"

ఆ కేకకు శకునాల తాత వచ్చాడు. గోడకు వీపు రాస్తూ నిలబడ్డ నన్ను తృప్తిగా చూశాడు. "సూసినావా, తల్లి పట్టుకుంది."

"తల్లి కాదు తాతా, పసరు! నల్లేరు పసరు ఎవరికైనా దురద పెడుతుంది!"

"పెడతాది. మరి పెట్టమని దానికి సెప్పింది ఎవులు?"

అప్ప ఏడుస్తూనే నాకు నూనె పట్టించింది. ఏడుస్తూనే ముక్కలన్నీ ఏరింది. నల్లేరు ముక్కను చెత్తలో వేసి కాళ్ల కింద తొక్కించకూడదట. లేత కణుపులు చింతపండు వేసి పచ్చడి నూరింది, మిగతావి ఇంటింటికీ పంచింది. నాతో మాత్రం మాట్లాడలేదు. "పచ్చడి కావాలేమో అడుగు" అని బావతోనే కబురు. ఆ వారమంతా ఫ్యాను గాలిలో కూర్చుని కూడా నాకు చెమట ఆరలేదు. తీగకూ ప్రమోషనుకూ కార్యకారణ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ బావకు ప్రమోషన్ రాకపోవడానికి వంద కారణాలు ఉండవచ్చని, వాటిలో ఒక్కటి కూడా అప్ప ఒప్పుకోదని కూడా తెలుసు. రోజూ ఉదయం ఎవరూ చూడకుండా ఆ మోడుకు చెంబెడు నీళ్లు పోసేవాణ్ని. నీళ్లక్కర్లేని మొక్కకు నీళ్లెందుకని నన్ను నేను అడగలేదు. నా జీవితంలో నేను అడగని ప్రశ్న అదొక్కటే కావచ్చు.

కబురు వచ్చిన రోజు బావ వీధి మొదలునుంచే సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వచ్చాడు. "హో గయా! అయిపోనాదే! చార్జ్‌మేన్!" అప్ప చేతిలో గరిట అలాగే ఉంది. నేను గుమ్మంలోకి దూకి, చేయెత్తి, వీధికంతటికీ ఉపన్యాసం ఆరంభించాను. "చూశారా! తీగ పోయింది, ప్రమోషన్ వచ్చింది! ఇప్పటికైనా..."

"అదే గదా బాబూ," అన్నాడు శకునాల తాత, ఎంతో ప్రేమగా. "ఇన్నాళ్లూ అడ్డు ఆ తీగే. నువ్వు కోసినావు, దారి తెరుసుకుంది. నీ సెయ్యి మంచిది."

"మా తమ్ముడిది మంచి హస్తవాసి!" అని అప్ప వారం తర్వాత నాతో మొదటి మాట మాట్లాడింది. అదీ నాతో కాదు, వీధితో.

వానలు పడ్డాయి. అప్ప పంచిన ముక్కలు గోల్‌మురి కిటికీలన్నీ ఎక్కాయి, కొన్ని భాలుబాసా దాకా వెళ్లాయి. ఎవరింట్లో పరీక్షో ఇంటర్వ్యూయో ఉంటే వాళ్లు నన్ను పిలవడం మొదలుపెట్టారు. "బాబూ, ఒకసారొచ్చి మా నల్లేరు కోసీ." నల్లేరును అదుపులో ఉంచే పద్ధతి అప్పటికి నాకు బాగా పట్టుబడింది. కణుపుకు కాస్త పైన కొయ్యాలి, పాకడానికి చిన్న పందిరి కట్టి చుట్టూ తిప్పాలి, పెద్ద డబ్బాలోకి మార్చకూడదు. పైన కోస్తే పక్కనుంచి రెండు చిగుళ్లు వస్తాయి కనక మళ్లీ పిలుపు వచ్చేది. దురద భయానికి చేతులకు నూనె రాసుకుంటే, ఆ నూనె కూడా తంతులో కలిసిపోయింది. ఇంటావిడ దాన్ని పళ్లెంలో పెట్టి తెచ్చేది. నేను వద్దంటే ఒప్పుకునేవారు కారు. అందుకని ఒక షరతు పెట్టాను: కోస్తాను, కానీ కోసేంతసేపూ నా ఉపన్యాసం వినాలి.

చివరికి శకునాల తాత కూడా పిలిచాడు. ఆయన కొడుక్కి రైల్వేలో డిపార్ట్‌మెంట్ పరీక్ష. నేను కత్తి తీసుకుని స్టూలెక్కాను, ఆయన స్టూలు పట్టుకున్నాడు. కాకతాళీయం అంటే ఏమిటో, ఒకదాని వెనక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం ఎందుకు కాదో, ఉదాహరణలతో సహా వివరించాను. సంఘం గదిలో కూడా అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. తాత ప్రతి వాక్యానికీ తల ఊపాడు.

"నిజిమే బాబూ. అందులో ఏటీ నేదు. వట్టి పిచ్చి."

"మరైతే దిగిపోనా తాతా?"

"అయ్యో, ఉండు బాబూ! ఆ పైది కూడా కోసీ."

తర్వాత చాలా వేదికలు ఎక్కాను. మైకుల ముందు, పూలదండల మధ్య, ఇవే మాటలు ఇంతకంటే గట్టిగా చెప్పాను. నూనె చేతులతో, ఊగే స్టూలు మీద నిలబడి, ఊరంతటినీ ఒక్క వానాకాలంలో మార్చేస్తానని నమ్మిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద కాస్త అసూయ కూడా. తాత తలెత్తి చూసినంత నమ్మకంగా నా వైపు మళ్లీ ఏ సభా చూడలేదు. ఆయన చూసింది కత్తినే అనుకోండి. అయినా ఆ కాసేపూ నేను చెప్పినదంతా విన్నాడు.