గంజి పెట్టిన గిటారు

గద్వాలలో మా ఏలియా వాళ్ల చర్చిలో, ఒక ఆదివారం ఉదయం, రెండు వందల మంది ఒకేసారి ఊపిరి బిగబట్టేలా చేసిన ఘనత నాది. రెండు వందలంటే... సరే, తొంభై. చంటిపిల్లల్ని కలుపుకుంటే. ఆ తొంభై మందిలో ఒక్కరూ ఆ రోజు నన్ను తిట్టలేదు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే. తిట్టించుకోవడానికి సరిపడా పని చేశాను మరి. ఇది జరిగి ఎక్కువ కాలం కాలేదు. అప్పుడు నాకు అరవై రెండేళ్లు. తెలిసీ తెలియని వయసు.

ముందు నా అర్హతలు చెప్పాలి. వయసులో ఉండగా నేను పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు చోట్లా నా గిటారు మోగకుండా తాళి కట్టిన పెళ్లికొడుకు లేడు. ముప్పై ఏళ్లుగా నేను అందరికీ చెబుతున్న మాట ఇది. నిజానికి మేం వెళ్లింది పదకొండు పెళ్లిళ్లకు. అందులో నేను గిటారు పట్టింది రెండింటికి. మిగతా తొమ్మిదింటిలో నా పని తెగిన తీగలు ముడివేయడం. పుట్టుకతో నేతగాణ్ణి. తెగిన పోగు అతకడం నా వేళ్లకు ఊపిరి పీల్చినంత తేలిక. ఇనుప తీగ అయినా నా ముడి జారేది కాదు. అంతే నా సంగీతం.

ఆ ఆర్కెస్ట్రాకు అసలు ప్రాణం ఏలియా. కాల్వల పనికి ఊళ్లు తిరిగి, మట్టి మోసి మోసి వచ్చిన మనిషి. గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుండేది. ఆర్కెస్ట్రా పోయాక ఆ గొంతు చర్చికి దక్కింది. అక్కడ వాళ్లకు ఒక పాట ఉంది. ప్రతి చరణం చివర అందరూ ఆగిపోతారు. వాద్యాలూ ఆగుతాయి. ఏలియా ఒక్కడే, మెట్టు మెట్టుగా, కిందికి దిగిపోతాడు. పూర్తిగా దిగాకే మిగతావాళ్లు మళ్లీ ఎత్తుకుంటారు. ముప్పై ఏళ్లుగా అదే అలవాటు. ఆ చోటును వాళ్లు ‘ఏలియా జాగ’ అంటారు.

అలాంటి ఏలియాకు గొంతులో గడ్డ లేచింది. దవాఖానలో కోసి తీశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. మాట గాలిలా వస్తుంది. చెవి దగ్గర పెడితేనే వినిపిస్తుంది. ఆ రోజు నుంచి మనిషి ఇల్లు కదల్లేదు.

చర్చి వార్షికోత్సవం ఇంకా పది రోజులుందనగా వాళ్లింటికి వెళ్లాను. ఏలియా కూతురు రూతు కూడా వచ్చింది. వనపర్తిలో బడిపిల్లలకు సంగీతం చెబుతుంది.

“పెద్దనాయినా, నాయన గడప దాటక అయిదు నెలలాయె,” అంది. “ఆ పాటల, నాయన జాగల, నేను ఆరు తీగల బేస్ గిటారు వాయిస్త. అది ఆయన గొంతంత కిందికి దిగుతది. మా ఆయన బారిటోన్ గిటారు పడతడు. అది మామూలు గిటారుకు కింద, బేస్‌కు పైన. రెండు కలిస్తే నిండుగ ఉంటది. గట్లనన్న నాయన వస్తడేమో అని.”

ఏలియా మంచం మీంచి నన్ను రమ్మని సైగ చేశాడు. వంగాను.

“వస్త వీరేశా,” అన్నాడు గాలిగా. “నా జాగ ఖాళీగ ఉంటె మాత్రం కూసోని వినలేను. గట్లయితె మళ్ల ఇల్లు కదల.”

“ఖాళీ ఎందుకుంటదిర? నేను సచ్చిన్నా?” అన్నాను. అక్కడితో ఆగితే ఇది రాయాల్సిన పని లేకపోయేది. ఆగలేదు. “తీగలు నేను తెస్త. స్పీకరు డబ్బాలు నేను చూస్త. బిడ్డా, నువ్వు వేళ్లు ఆడిస్తె చాలు!”

రూతు అనుమానంగా చూసింది. “పెద్దనాయినా, నీకు గివన్ని ఎరుకనా?”

“ఎరుకనా అంటవేంది బిడ్డా! గీ మూడు ఊర్ల పెళ్లిళ్లన్నీ...”

ఏలియా కళ్లు మూసుకున్నాడు. ఆ పదకొండు పెళ్లిళ్లకూ అతడూ వచ్చాడు.

బేస్‌కున్న పాత తీగల్లో రెండు తెగిపోయాయి. రూతుకు సెలవు లేదు. చీరలు అప్పజెప్పడానికి నేనెలాగూ హైదరాబాదు పోవాలి. ఆమె ఒక కాగితం రాసిచ్చింది. బేస్‌కు అన్నిటికన్నా లావు తీగ నూట ముప్పై నంబరు. బారిటోన్‌కు సన్న తీగ పద్నాలుగు, లావుది అరవై ఎనిమిది. కింద ఇంకో వరుస: బేస్‌కు పదిహేను అంగుళాల స్పీకరు, శబ్దం పెంచే ఆంప్ దానికే విడిగా.

బస్సులో ఆ కాగితం చదివి నాకు జాలేసింది. పిల్ల పూర్తిగా తలకిందులు రాసింది!

ఎందుకంటే, చూడండి. నూలుకు నంబరు ఉంటుంది. నలభై నంబరు లావు. ఎనభై సన్నం. నూట ఇరవై అంటే పట్టుకుంటే కనపడదు, వదిలితే దొరకదు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఇది మా వీధిలో పాలు తాగే పిల్లలకూ తెలుసు. ఏలియా గొంతుకు నూట ముప్పై నంబరా? దోమ కూతకు సరిపోతుంది అది! పాపం, చదువుకున్న పిల్ల, నేత చదవలేదు. పెద్దవాడిని, సర్దుకోవాలి అనుకుని పెన్ను తీసి సర్దాను. బేస్ తీగ లావు కావాలని దాని నంబరు తగ్గించాను, బారిటోన్‌ది సన్నం కావాలని పెంచాను.

దుకాణంలో కళ్లద్దాల మనిషి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

“పెద్దాయనా, ఆరు తీగల బేస్‌కు అందరూ నూట ముప్పై అడుగుతారు. మీరు నూట అయిదు అంటున్నారు.”

“అందరు నేతగాళ్లు కాదు గద నాయనా. ఇంకా చిన్న నంబరు ఉంటె అదే ఇయ్యి.”

“ఇంతకన్నా చిన్నది లేదు. మరి బారిటోన్‌కు ఎనభై నాలుగా? వాయించేవారు మాట్లాడితే బాగుంటుంది, ఫోన్ చేస్తారా?”

“నేను దారం పట్టవట్టి నలభై ఏండ్లు,” అన్నాను. అతడు సీలు వేసిన అట్టపెట్టెలు రెండు చేతిలో పెట్టాడు. నేను విప్పి చూడలేదు. వైద్యుడు తను రాసిన మందు రుచి చూస్తాడా?

తిరిగి వస్తూ వనపర్తిలో దిగాను. అక్కడ ఖాదర్‌భాయ్ పెళ్లిళ్లకు సౌండు కిరాయికిస్తాడు. గోడకు ఆనించి బీరువా అంత నల్లడబ్బా ఒకటి చూపించాడు.

“వీరేశన్నా, గిదే నీకు కావల్సింది. పదిహేను అంగుళాలది. లావు సప్పుడు రావాలంటె లావు డబ్బానే.”

దాన్ని పక్కనుంచి ఎత్తబోయాను. నడుము ఒప్పుకోలేదు. పక్కనే బియ్యం డబ్బా అంత ముచ్చటైన ఆంప్ ఉంది, ఎనిమిది అంగుళాల స్పీకరుతో. పట్టుకోవడానికి పిడి కూడా ఉంది.

“గిది గట్టిగ మోగదా?”

“మోగుతది. గని గది మామూలు గిటారుది. బేస్ పెడితె డొక్కలు ఎగిరిపోతయ్.”

“రెండు గిటార్లు దీంట్లనే పెడత.”

“అన్నా, రెండు ఎద్దులను కోడిగంప కింద పెడతవా?”

“భాయ్, మా ఆర్కెస్ట్రా కాలంల డబ్బాలే లేవు. తెల్సా?”

“అందుకే గద అన్నా ఆర్కెస్ట్రా లేకుండ పోయింది,” అన్నాడు ఖాదర్‌భాయ్ ఎంతో మర్యాదగా. చిన్నదే తెచ్చాను.

శనివారం మధ్యాహ్నం రూతూ, ఆమె భర్తా మా ఇంటికే వచ్చారు. మగ్గం గదిలో కూర్చుని పెట్టెలు విప్పారు. మొదట అల్లుడు బారిటోన్ తీగ తీశాడు. బావిలో చేదకు కట్టొచ్చు దాన్ని. తీగ బిగించే బిరడా కంతలో దూర్చబోయాడు. దూరలేదు. నాగర్‌కర్నూల్ పిల్లవాడు, నెమ్మదస్తుడు. “మామా, పాత తీగలు ఉన్నయ్ లే,” అని దాన్ని చుట్టి పక్కన పెట్టాడు.

రూతు బేస్‌కు తీగలన్నీ బిగించింది. అన్నిటికన్నా లావైన తీగను మీటింది. బట్టలారేసిన దండెంలా ఊగింది అది.

“పెద్దనాయినా, నేను రాసింది నూట ముప్పై గద!”

“నువ్వు తలకిందులు రాసినవ్ బిడ్డా. నంబరు పెరిగితె దారం సన్నగైతది.”

ఆమె చాలాసేపు నా వైపు చూసింది. “నూలుకు పెద్దనాయినా,” అంది చివరికి. “నూలుకు. తీగకు నంబరు పెరిగితె లావైతది.”

నేను ఆ తీగను రెండు వేళ్లతో నొక్కి చూశాను.

“జర ఇంకా బిగించు మరి?”

“బిగిస్తె గొంతు పైకి పోతది. నాయన దిగింది కిందికి.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “మళ్ల పట్నం పోయి తెచ్చే టైము లేదు. ఎట్లనో వాయిస్త. నాయనకైతె చెప్పకుండ్రి.” గిటారు అక్కడే పెట్టి ఇద్దరూ ఏలియా దగ్గరికి వెళ్లారు.

తప్పు ఒక్కటే అయితే మనిషన్నవాడు ఎవడైనా చేస్తాడు. నేను రెండోది కూడా చేశాను.

ఆ సడలిన తీగల్ని చూస్తూ కూర్చున్నాను. నాకు నిజంగా భయమేసింది. రేపు ఆ జాగ ఖాళీగా ఉంటే ఏలియా మళ్లీ ఇంట్లో పడతాడు, ఈసారి ఇక లేవడు. ఏదో ఒకటి చెయ్యాలి. బలం లేని పడుగును మేం ఏం చేస్తాం? గంజి పెడతాం. కుంచెతో సాపుగా దువ్వి ఎండకు ఆరబెడితే పోగు కర్రలా నిలబడుతుంది. తాతల నాటి విద్య.

కుంచె తడుపుతుంటే మా ఆవిడ అంజమ్మ వచ్చింది.

“ఏం జేస్తున్నవయ్యా?”

“గంజి పెడుతున్న.”

“గిటారుకా?”

“తీగలకు. ఏ దారమైన దారమే.”

“అయ్యా, గది ఇనుము. ఇనుముకు గంజి తాగుడు తెల్వదు. పిల్ల వచ్చినంక అడుగు, అడిగి పెట్టు.”

“నీకేం తెల్వదు, పో!”

ఒక పూత పెట్టాను. ఆరింది. మనసు నిలవక రెండో పూత పెట్టాను. బేస్ తీగ చుట్టూ ఇంకో సన్నటి తీగ చుట్టి ఉంటుంది. ఆ సందులన్నిటిలోకీ గంజి దిగింది. ముట్టుకుంటే తీగ బిర్రుగా ఉంది. మీటి చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆరిన పడుగును ఎవరైనా మీటి చూస్తారా?

ఆదివారం గిటారును సంచిలో పెట్టుకుని, చిన్న ఆంప్‌ను ఇంకో చేత్తో పట్టుకుని నేనే చర్చికి మోశాను. ఏలియా వచ్చాడు. తెల్లచొక్కా, మెడకు రుమాలు. ముందు బెంచీలో కూర్చున్నాడు. అందరూ వచ్చి అతని చేయి పట్టుకుని, కన్నీళ్లు కనపడకుండా పక్కకు తిరుగుతున్నారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టాక రూతు సంచి విప్పింది.

“పెద్దనాయినా,” గుసగుసగా, కళ్లు మూసుకునే, “గిదేంది జిగటజిగట?”

“కొత్త తీగల నూనె బిడ్డా,” అన్నాను, నేనూ కళ్లు మూసుకునే.

“నూనెకు అన్నం వాసన వస్తదా?”

“ఆమెన్,” అన్నారు అందరూ.

పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం అయింది. అందరూ ఆగారు. రూతు మీటింది.

ఠప్.

తడిబట్ట బండ మీద కొట్టినట్టు. రెండోసారి మీటింది. ఠప్. చిన్న ఆంప్ లోపల ఏదో గులకరాళ్లలా గలగలమంది. ఎవరూ కదల్లేదు. పాట ఎలాగో రెండో చరణానికి వెళ్లింది. ఆ చివర ఒక తీగ సడలి గిటారు మెడ పలకకే తగిలింది. తీగ మీది గంజి పెచ్చులు పెచ్చులుగా రాలి ఆమె ఒడిలో పడింది. మూడో చరణం చివర రూతు వాయించలేదు. చేయి తీగల మీద ఆనించి తల దించుకుంది.

నిశ్శబ్దం.

ఎంతసేపని చెప్పను? గంటసేపు. లేదు. ఏలియా అక్కడ ఎంతసేపు దిగేవాడో సరిగ్గా అంతసేపు. ఒక్కరూ తొందరపడి ఎత్తుకోలేదు. ముప్పై ఏళ్ల అలవాటు కదా, ఆ మెట్లన్నీ ఎవరికి వారు మనసులోనే దిగారు. దిగి, తొంభై మందీ ఒక్కసారే ఏలియా వైపు తిరిగారు.

ఏలియా ముఖం రుమాలులో దాచుకున్నాడు. భుజాలు వణుకుతున్నాయి.

పాట అయిపోగానే నేను వెళ్లి అతని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. “తప్పయింది ఏలియా. నీ జాగ ఖాళీ చేసిన. తీగలు నేనే తప్పు తెచ్చిన, డబ్బా నేనే తప్పు తెచ్చిన, గంజి గూడ నేనే పెట్టిన.”

రుమాలు తీశాడు. ఏడవడం లేదు. నవ్వుతున్నాడు. ఆపరేషన్ తర్వాత అతను నవ్వడం నేను చూడలేదు.

“గంజి పెట్టినవా?” అన్నాడు గాలిగా. మళ్లీ భుజాలు ఊగాయి. చొక్కా పట్టుకుని నన్ను దగ్గరికి లాక్కున్నాడు. “మంచి పని జేసినవ్‌ర. గది సక్కగ మోగితె ఏమైతుండె? నన్ను వారంల మర్చిపోతుండిరి. ఇప్పుడు చూడు, అందరు నా దిక్కే చూస్తున్రు.”

నేను నోరు తెరిచాను. అతను వదల్లేదు.

“నా జాగ నాదే అని తెల్సింది. గంతే చాలు. వచ్చే ఆదివారం సక్కగ వాయించమను పిల్లను. వస్త.”

వచ్చాడు. అప్పటికి రూతు నూట ముప్పై నంబరు తీగలు తెచ్చుకుంది. ఖాదర్‌భాయ్ బీరువా డబ్బాను నలుగురు మోశారు. ఏలియా దాని మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని, ఇంకా కిందికి, ఇంకా కిందికి అని వేలితో చూపిస్తూ సరిచేయించాడు. నేను గుమ్మం అవతలే నిలబడ్డాను. అది చర్చి కమిటీ తీర్మానం.

గంజి సంగతి అడిగినవాళ్లకు ఇన్నాళ్లూ ఒకటే చెప్పాను: అంతా కావాలనే చేశాను, మిత్రుడి మనసు తెలిసి, ముందే ఆలోచించి చేశాను అని. మీకూ అదే చెబుదామనుకున్నాను. కానీ ఈ వయసులో అబద్ధాన్ని చివరిదాకా మోసే ఓపిక లేదు. భయంతో చేశాను, తెలియక చేశాను.

కాబట్టి అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గిటారుకూ తీగ ఎంచను. ఏ డబ్బా బరువు చూసి దాని గొంతు కొలవను. ఇనుముకు అన్నం పెట్టను. నా మాట మీద మీకు నమ్మకం లేకపోతే ఏలియాను అడగండి. ఏ ఆదివారమైనా ముందు బెంచీలో ఉంటాడు. కొంచెం వంగి, చెవి దగ్గర పెట్టి వినాలి. నా పేరు మాత్రం ఎత్తకండి. నన్ను తిట్టేటప్పుడు అతని మాట గుమ్మం దాకా వినిపిస్తోందని పాస్టరుగారు నిన్ననే చెప్పారు.