బొమ్మక్క పొయ్యి, అళగిరి ఊపిరి

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు బొమ్మక్క పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, బయట మొగుడు దగ్గుతున్న దగ్గు వింటూ, పొయ్యి కింది ఫ్యాన్ మీట తిప్పుతోంది. మూడు మీద పెడితే పొగ. నాలుగు మీద ఇంకా పొగ. అయిదు మీద పొగతో పాటు నిప్పురవ్వలు. వాకిట్లో మంచం మీద అళగిరి రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి ముందుకు వంగి, ఊపిరి కోసం తడుముకుంటున్నాడు.

అసలు ఆ పొయ్యి వచ్చిందే అతని ఊపిరి కోసం. రాజపాళయంలో ఓ జిన్నింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్ళు పత్తి దుమ్ము పీల్చాడు. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చూసి, ఇక కట్టెల పొగ తగిలితే ఈ మనిషి తట్టుకోలేడని తేల్చేశాడు. చుట్టాలు వచ్చి ఓర్పు గురించి చెప్పిపోయారు. ఓర్చుకోవడం గొప్ప గుణమని చెప్పినవాళ్ళలో ఒక్కరూ ఆ దగ్గు పక్కన ఒక్క రాత్రి పడుకున్నవాళ్ళు కారు.

పొయ్యి ఆర్పేద్దామంటే ఇల్లు ఆరిపోతుంది. మంసాపురం సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టిన బొమ్మక్కకు వచ్చిన విద్య ఒకటే, వంట. బియ్యప్పిండిని నూలుపోగుల్లా ఒత్తి ఆవిరి మీద ఉడికించే ఇడియాప్పం ఆమె చేస్తే మల్లెపూవులా విడిపోతుంది. రోజూ సాయంత్రం షిఫ్టు దిగే మిల్లు జనం అరవై మంది ఆమె వాకిట్లో నిలబడి తీసుకుపోతారు. అంత ఆవిరి గ్యాస్ మీద పుట్టిస్తే గిట్టదు. అందుకే ఉక్కు డబ్బాలాంటి ఈ గుళికల పొయ్యి కొన్నారు. వేరుశెనగ తొక్కూ రంపపు పొట్టూ అదిమి చేసిన వేలెడు గుళికలు పోసి వెలిగిస్తే, కింద చిన్న ఫ్యాన్ గాలి ఊదుతుంది, పైన మంట నిలబడుతుంది. మొదటి నెల పొగన్నమాటే లేదు. ఏడాదిలో మొదటిసారి అళగిరి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

రెండో నెలలో పొగ మొదలైంది. బొమ్మక్క చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ముందు గుళికలు తడిశాయనుకుంది. ఐప్పసి అంటే అరవదేశంలో ముసురు పట్టే నెల, ఏదైనా తడుస్తుంది. మూట విప్పి మిద్దె మీద ఆరబోసింది, గుళికలమ్మే ఇసక్కిముత్తును కొట్టు ముందు నిలబెట్టి కడిగేసింది. అతను కొత్త మూట ఇచ్చాడు. అదీ పొగే. బూడిద నిండిందేమోనని రోజుకు రెండుసార్లు దులిపింది. ఆసుపత్రి కట్లకు వాడే సర్జికల్ గుడ్డ ప్యాకింగులో పనిచేసే కూతురు జీవిత, పొయ్యితో వచ్చిన పుస్తకం ముందేసుకుని, గుళికలు సగమే పోసి చూద్దాం అంది, పైనుంచి వెలిగిద్దాం అంది, ఫ్యాన్ బ్యాటరీ మార్చింది. పక్కింటావిడ ధనం, దిష్టి తగిలిందని చెప్పి నిమ్మకాయ కట్టించింది. నిమ్మకాయకు కూడా పొగ పట్టింది.

ఇవాళ్టికి మరీ ముదిరింది. పిండి కలిపి ఉంది, గంటన్నరలో జనం వస్తారు. గోడ పక్కన ధనం తెచ్చి పడేసిన కట్టెల మోపు ఉంది. బొమ్మక్క దాని వంక చూసింది, మంచం వంక చూసింది. తరువాత పొయ్యితో వచ్చిన పుస్తకం అట్ట మీది కంపెనీ నంబరు చూసి ఫోను చేసింది. పలికిన మెకానిక్కు పేరు సుందరరాజన్. అతను తమిళంలో నెమ్మదిగా ఒక్కొక్కటే అడుగుతుంటే, ఈమె చేసినవన్నీ ఏకరువు పెట్టింది. అంతా విని అతను, ఏ రోజు ఎక్కువ పొగ వస్తుందని అడిగాడు.

ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. బొమ్మక్క వేళ్ళు మడిచి చూసుకుంది. శనివారం.

“శుక్రవారం ఏం చేస్తారక్కా?”

“ఏమి చేస్తారు తంబీ, పొయ్యిని కడుగుతాము, అంతే గదా.”

“నీళ్ళతోనా?”

“నీళ్ళతో కడిగి, ఎర్రమన్నూ పేడా కలిపి లోపలా బయటా పూసి, సున్నంతో గీతలు గీసి, కుంకుమ పెడతాము. కొత్తదని మొదటి నెల వదిలేసినాను, మనసొప్పలేదు. పూయని పొయ్యి వెలిగించకూడదు. మా అమ్మ నేర్పించింది.”



“అక్కా, లోపల పై అంచు చుట్టూ చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఉన్నాయా చూడండి.”

బొమ్మక్క పొయ్యి ఆర్పి గుళికలు దులిపేస్తే, జీవిత తన ఫోను లైటు వేసి లోపలికి వంగింది. రంధ్రాలు లేవు. మట్టి ఉంది, ఇటుకలా కాలి, నున్నగా, ఎంతో శ్రద్ధగా పూసినది. పొగను కాల్చేసే గాలి ఆ రంధ్రాల్లోంచే రావాలట. అవి మూసి ఫ్యాన్ పెంచితే పొగే పెరుగుతుందట. సుందరరాజన్ ఇంకా ఏదో చెబుతున్నాడు. బొమ్మక్క వినడం లేదు. మూడు శుక్రవారాలు తలంటుకుని, తడి బట్టలతో, తన వేళ్ళతోనే ఆమె మొగుడి ముక్కు మూసింది.

తలలోంచి పిన్ను తీసి మట్టిలో పొడిచింది. విరిగింది. మేకు తెచ్చి రాయెత్తింది. మంచం మీదనుంచి అళగిరి చెయ్యి ఊపాడు. మాట రాదు, వేలితో వద్దని, నీళ్ళని, గుండ్రంగా తిప్పమని చూపించాడు. ఇరవై ఆరేళ్ళు మిల్లు యంత్రాల్లో ఇరుక్కున్న పత్తిని తీసినవాడికి, కొడితే మట్టి లోపలి గోడల మధ్య పడి ఇంకా మూసుకుంటుందని తెలుసు. వేడినీళ్ళు పోసి నానబెట్టి, మేకు మొన పెట్టి మెల్లగా తిప్పితే ఒక్కొక్కటే ఊడింది. తల్లీకూతుళ్ళు వంతులవారీగా తిప్పారు. గోళ్ళ కింద నెత్తురు వచ్చింది. మూడు వంతులు తెరుచుకునేసరికి నాలుగు దాటింది.

తుడిచి, గుళికలు పోసి, వెలిగించి, మీట రెండు మీద పెట్టింది. మంట కాసేపు తడబడి, పై అంచు చుట్టూ పూరేకుల్లా లేచి నిలబడింది. పొగ లేదు. జీవిత నవ్వి, తండ్రి వైపు తిరిగి, నవ్వు మానేసింది.

అళగిరి పెదవులు నల్లబడుతున్నాయి.

జీవిత షేర్ ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది. వాకిట్లోకి అప్పుడే మిల్లు జనం నలుగురు వచ్చి, టిఫిన్ డబ్బాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బొమ్మక్క ఆవిరి పాత్ర దించింది. మూడు వారాలుగా ఆమె బతిమాలిన మంట అంత అందంగా వెలుగుతూ ఉంటే, మీట సున్నాకు తిప్పి, ఈపొద్దు లేదు పోండి అని వాళ్ళకు చెప్పింది. వాళ్ళలో ఇద్దరు డబ్బాలు కింద పెట్టి, అళగిరిని మోసి ఆటోలో కూర్చోబెట్టారు.

ఆసుపత్రి దారిలో అతని తల ఆమె భుజం మీద ఉంది.

“ఎవరిది... తప్పంట?” అన్నాడు.

“నాదే మామా. మన్ను నేనే పూసినాను.”

అతను రెండు ఊపిరులు కూడబెట్టుకున్నాడు.

“వచ్చే శుక్రారం... కుంకుమతో ఆపేయి.”

బొమ్మక్క ఎర్రమన్ను ఎండిన అరచేతిని అతని వీపుకు ఆనించి, తరువాతి ఊపిరి లోపలికి పోతుందా లేదా అని చూస్తూ కూర్చుంది. పోయింది. ఇంకోదాని కోసం చూసింది.