మెకానిక్ ముందు ఆగని మిషన్

చెప్పేది నేను, రాసేది నా బిడ్డ. నాకు సంతకం వచ్చు, బస్సు నంబరు చదవడం వచ్చు. అంతకు మించి అక్షరాలతో నాకు పని పడలేదు. రాస్తూ రాస్తూ అది మధ్యలో కలం ఆపి "గట్ల గాదమ్మా, గప్పుడు నేను ఏడ్వలేదు" అంటుంది. ఏడ్చింది. రాయమన్నాను, రాస్తోంది.

ఇంటింటికీ టీవీలు వస్తున్న రోజులు. పురానాపూల్ వంతెన దగ్గర రేకుల ఇంట్లో నేనూ అదీ ఉండేవాళ్లం. మా ఆయన సర్కారు ఫ్యాక్టరీలో పనిచేస్తూనే పోయాడు. ఆయన పోయాక ఆ ఫ్యాక్టరీ ఆఫీసులోనే నా బిడ్డకు టైపిస్టు పని ఇచ్చారు, అదీ టెంపరరీ. నేను రెండు బర్రెలను పెట్టుకుని పాలు పోసేదాన్ని. అట్లా నడుస్తుండగా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. టెంపరరీ టైపిస్టులకు పరీక్ష పెడతామన్నారు. అందులో పాసైనవాళ్లు కంప్యూటర్ గదిలోకి, పర్మినెంటు. మిగతావాళ్లు ఇంటికి.

ఆఫీసులో మిషన్ మీద చెయ్యి పెట్టనిచ్చేది తక్కువ. ఆఫీసర్లు మిషన్ను చూస్తారు, టైపిస్టులు ఆఫీసర్లను చూస్తారు. అట్లయితే చెయ్యి ఎప్పుడు తిరుగుతుంది?

ఆ సంగతి పక్కింటి ముస్లిం అక్కకు తెలిసింది, ఆపా అని పిలిచేవాళ్లం. ఆమె కొడుకు అంతకుముందే దుబాయ్ నుంచి ఒక కంప్యూటర్ పంపి ఉన్నాడు. కంప్యూటర్ అంటే బీరువా అంత ఉంటుందని నేననుకున్నాను. ఇది పిల్లల పలకకంటే కొంచెం పెద్దది, నల్లటిది, మీద మీటలు. టీవీకి తగిలిస్తే కొట్టిన అక్షరాలు టీవీలో కనిపిస్తాయి. ఏం చేయాలో తెలియక ఆపా దాన్ని షోకేసులో గాజు బొమ్మల మధ్య నిలబెట్టింది.

"తీస్కపో బేటీ," అంది. "గీత మాత్రం పడనియ్యకు. నా కొడుకు సెలవులకొస్తే ముందు దాన్నే చూస్తడు, తర్వాత నన్ను."

పరాయి సొమ్ము కదా, నా బిడ్డ పాత చీరల బొంతను నాలుగు మడతలు వేసి, దాని మీద ఆ మిషన్ను పడుకోబెట్టింది. ముందు టీవీ, కింద బొంత, బొంత మీద మిషన్. ఆఫీసు నుంచి రాగానే మొహం కడుక్కుని దాని ముందు కూర్చునేది. కూలీల హాజరు చెప్తే జీతం ఎంతో లెక్క తేల్చే ప్రోగ్రాం అట, పరీక్షలో అట్లాంటిదే అడుగుతారట. కొట్టినదంతా కరెంటు ఉన్నంతసేపే దాని కడుపులో నిలుస్తుంది. దాచుకోవాలంటే టేప్ రికార్డర్ తగిలించి క్యాసెట్లోకి ఎక్కించాలి. చాయ్ మరిగేంతసేపు అది కీచుమని అరుస్తుంది, చాలాసార్లు సరిగ్గా ఎక్కదు కూడా.

నాలుగు రోజులు బాగానే నడిచింది. తర్వాత ఆగడం మొదలైంది.

ఆగడమంటే మామూలుగా ఆగదు. అక్షరాలన్నీ ఒక్కసారి చెదిరిపోయి టీవీ నిండా చారల చీర ఆరేసినట్టు గీతలు. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ప్లగ్గు పీకి మళ్లీ పెడితే ఉత్త తెర. సాయంత్రమంతా కొట్టింది మాయం.

పోనీ ఎప్పుడు ఆగుతుందో చెప్పి ఆగుతుందా అంటే అదీ లేదు. ఒకరోజు కూర్చున్న కాసేపటికే, ఒకరోజు వంట అయ్యేదాకా ఏమీ కాదు. పొద్దున్నే బాగుంటుంది, సాయంత్రం చస్తుంది. ఒక సాయంత్రం వాన పడింది, ఆ రోజు అస్సలు ఆగలేదు. వానదేవుడి దయ అనుకున్నాం. మర్నాడు వాన లేదు, దయా లేదు.

గల్లీలో అందరూ తలా ఒక మాట చెప్పారు. కరెంటు ఎక్కువ తక్కువ వస్తోందని ఆపా వాళ్లింటి స్టెబిలైజర్ తెచ్చి పెట్టింది. దాని ముల్లు కదలకుండా నిలబడి ఉండగానే మిషన్ ఆగింది. నేను ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. దిష్టి ఉందో లేదో గాని ఘాటుకు మేమిద్దరం దగ్గాం. మిషన్ దగ్గలేదు, కాసేపటికి ఆగింది.

పత్తర్‌గట్టి సందులో రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక భాయ్ ఉండేవాడు. గల్ఫ్ నుంచి వచ్చే మిషన్లు కూడా విప్పుతాడని పేరు. పిలిస్తే వచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఒకటే టేబుల్ ఫ్యాన్. అది నా మంచం పక్కన స్టూలు మీద ఉండేది. పొద్దంతా బర్రెల దగ్గర, పొయ్యి దగ్గర ఉంటావని నా బిడ్డే అక్కడ పెట్టింది. అయితే ఇంటికి మనిషి వస్తే ఫ్యాన్ మనిషి వైపు తిరగాలి. పాలలో నీళ్లు కలిశాయని కొట్లాటకు వచ్చినవాడైనా సరే, గుమ్మంలో చెప్పులు విడిచాడంటే ముందు ఫ్యాన్ తిరుగుతుంది, తర్వాత మంచినీళ్లు, తర్వాత చాయ్. ఎవరూ చెప్పనక్కర్లేదు, చెయ్యి దానంతటదే పోతుంది.

భాయ్ మిషన్ పక్కన చాప మీద కూర్చున్నాడు. ఫ్యాన్ తిప్పాను. నీళ్లిచ్చాను. చాయ్ పెట్టాను. నా బిడ్డ టకటకా కొడుతోంది. భాయ్ చూస్తున్నాడు. చాయ్ అయిపోయింది. మిషన్ నడుస్తూనే ఉంది.

"దీనికేం బీమారీ లేదమ్మా. బిల్‌కుల్ ఠీకుంది," అన్నాడు.

"జెర ఆగు భాయ్, అది ఆగుతది," అన్నాను.

ఇంకో చాయ్ తాగాడు. అది ఆగలేదు. ఆయన లేచి వెళ్లాడు. నేను ఫ్యాన్ నా వైపు తిప్పుకున్నాను. గిన్నెలు కడిగి వచ్చేసరికి టీవీ నిండా చారలు. గల్లీ చివరిదాకా ఉరికి భాయ్‌ని వెనక్కి తెచ్చాను. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. ఫ్యాన్ తిరిగింది, చాయ్ వచ్చింది, మిషన్ ఆగలేదు.

రెండోసారి దాన్ని దుకాణానికే తీసుకుపోయాడు. గాజు బల్ల మీద, పంకా కింద పెట్టి రోజంతా నడిపించాడట. ఒక్కసారీ ఆగలేదు. తెచ్చి బొంత మీద పెట్టి, నిలబడే అన్నాడు:

"చూడు బేటీ, నా చేతుల ఆగదు, నీ చేతుల ఆగుతది. అంటే తప్పు మిషన్‌ది కాదు. నీకు సరిగ్గ రాక మిషన్ మీద పెడుతున్నవ్."

ఆ సాయంత్రం నా బిడ్డ మళ్లీ కూర్చుంది, మిషన్ ఆగింది. అది ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టకుండా గోడకు ఒరిగింది. అప్పుడే ఏడ్చింది. రాయి బిడ్డా.

"అమ్మా, పరీక్షకు నా పేరు తీసెయ్యుమని చెప్త. ఆ భాయ్ అన్నది నిజమే గావచ్చు. నేనే ఏదో తప్పు మీట కొడుతున్న."

"తీసేసి ఏం జేస్తవ్?"

"నీ తోని బర్రెల పని చూస్కుంట."

"బర్రె నిన్ను దగ్గరికి రానిస్తదా? తంతే పురానాపూల్ అవతల పడ్తవ్."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆఫీసులో మా ఆయన పేరు మీద దానికి దొరికింది ఆ ఒక్క కుర్చీ. అది మిషన్ చేతిలో పోతే మిషన్ను తిట్టుకుంటాను. తనకు రాదని నా బిడ్డే లేచి వచ్చేస్తే ఎవరిని తిట్టాలి?

మర్నాడు మధ్యాహ్నం పాలు పోసిరాగానే కొంగు దోపుకుని పత్తర్‌గట్టికి నడిచాను. భాయ్ ఎవరిదో రేడియో కడుపు విప్పుకుని కూర్చున్నాడు.

"భాయ్, లే."

"ఏమైందమ్మా?"

"నా బిడ్డకు రాదన్నవ్ కదా. వచ్చి దాని పక్కన కూసో. మిషన్ ఆగేదాక లేవద్దు. ఆగకుంటే నీ మాట నిజమని గల్లీ అంతా నేనే చెప్త."

"అమ్మా, దుకాణంల పనుంది..."

"నా బిడ్డకు కూడ పనుంది. అది పోయేటట్టుంది."

వచ్చాడు. నా బిడ్డ ఆఫీసు నుంచి వచ్చేదాకా వాకిట్లో కూర్చున్నాడు. అది వచ్చాక లోపలికి వచ్చి మిషన్ పక్కన చాప మీద కూర్చున్నాడు. నీళ్లిచ్చాను. నీళ్లు పగవాడికైనా ఇస్తాం. నా బిడ్డను అంత మాట అన్నవాడికి చాయ్ పెట్టలేదు. ఫ్యాన్ తిప్పలేదు. నేను నా మంచం మీద, నా ఫ్యాన్ ముందు, నా గాలిలో కూర్చున్నాను.

నా బిడ్డ కొడుతోంది. మధ్యాహ్నమంతా కాగిన రేకులు ఇంకా చల్లబడలేదు. భాయ్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఫ్యాన్ వైపు చూశాడు. నేను దేవుడి పటం వైపు చూశాను. రుమాలు పిండుకుని మళ్లీ తుడుచుకున్నాడు. చొక్కా పై గుండీ విప్పాడు. "మస్తు ఉడ్కపోస్తున్నది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"ఎండకాలం భాయ్," అన్నాను.

నా బిడ్డ నాకేసి గుడ్లురిమి చూసింది. ఇంటికొచ్చిన మనిషిని అట్లా కూర్చోబెట్టడం దానికి సిగ్గుగా ఉంది. లేచి ఫ్యాన్ తిప్పబోయింది. "నీ పని నువ్ చూస్కో," అన్నాను. కూర్చుంది. ఇంకా కొంతసేపు కొట్టింది. టీవీ నిండా చారలు.

భాయ్ ఎగిరి లేచాడు.

"ఆగింది! అమ్మా, ఆగింది!"

కొడుకు పుడితే కూడా మనిషి అట్లా అరవడు. ఆపా గోడ అవతల నుంచి "క్యా హువా?" అని కేకేసింది. నా బిడ్డ ఆగిన మిషన్ను చూసి నవ్వింది.

భాయ్ దాన్ని ఎత్తబోయి "అరె బాప్!" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ రుమాలుతో పట్టి బోర్లించాడు. అడుగు వైపు గాలి పోవడానికి సన్నటి సందులున్నాయి. బొంత వాటిని మూసేసింది. బొంత మీద చెయ్యి పెట్టి చూశాను, పెనం దించిన చోటులా ఉంది.

"దీని కింద బొంత ఎందుకు? ఇదేమన్న చలికాలంల పుట్టిన పిల్లనా?"

"పరాయి సొమ్ము భాయ్, గీత పడొద్దని," అంది నా బిడ్డ.

ఆయన నన్నూ ఫ్యాన్నూ మార్చి మార్చి చూశాడు. మొహాన చెమట కారుతుండగానే అర్థమవుతున్నట్టుంది.

"నేనొచ్చినప్పుడల్ల ఫ్యాన్ ఇటు తిప్పినవ్ కదా అమ్మా?"

"మనిషొస్తే తిప్పమా?"

"గాలి నాతోపాటు మిషన్‌కు గూడ తగిలింది. నా దుకాణంల పైన పంకా, కింద గాజు. గందుకే ఆగలేదు. వేడికి ఆగుతున్నది ఇది." నా బిడ్డ వైపు తిరిగాడు. "బేటీ, నీ చెయ్యి మంచిగుంది. తప్పు మాట అన్న. మనసుల పెట్టుకోకు."

నా బిడ్డ తల ఊపింది. అప్పుడు కూడా ఏడ్చింది గాని అది వేరే, రాయనక్కర్లేదు.

"ఇప్పుడన్న ఫ్యాన్ ఇటు తిప్పుతవా?" అన్నాడు భాయ్.

"నీకా, మిషన్‌కా?"

"మిషన్‌కే. నాకు అలవాటైంది."

ఆ రోజు చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా తెప్పించాను.

బొంత తీసేశాం. రెండు ఇటుకలకు గుడ్డ చుట్టి వాటి మీద మిషన్ను పెట్టాం, ఫ్యాన్ దాని వైపు తిప్పాం. పరీక్ష దాకా సాయంత్రాలు ఆ ఇంట్లో గాలి తగిలింది ఒక్క మిషన్‌కే. మేమిద్దరం విసనకర్రలతో విసురుకునేవాళ్లం. ఆపా చూడవచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మనుషులు చస్తుంటే డబ్బాకు గాలి పెట్టిన్రా?"

"నీ డబ్బానే కదా ఆపా," అన్నాను.

"అయితే పెట్టున్రి," అని కూర్చుంది.

ఆమెకూ ఒక విసనకర్ర ఇచ్చాను. మనిషి వచ్చినా ఫ్యాన్ తిప్పకపోవడం నాకు చాలా కష్టమైంది. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

పరీక్ష రోజు నా బిడ్డ సాయంత్రం వచ్చేలోపు నేను పాలు కొలవడంలో రెండుసార్లు తప్పాను. వచ్చి గుమ్మంలో కూర్చుని చెప్పులు విప్పింది.

"మిషన్ ఆగిందా?"

"ఆగలేదమ్మా. ఆ గది అంతా ఏసీ. ఒక్కపాలి నా చేతులే ఆగినయ్."

"మరి?"

"నీళ్లు తాగి మళ్ల మొదలుపెట్టిన. లెక్క సరిగ్గనే వచ్చింది."

కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. కంప్యూటర్ గదిలో కుర్చీ, పర్మినెంటు. ఆపా మిషన్ను గీత పడకుండా ఆపాకు ఇచ్చేశాం. అది మళ్లీ గాజు బొమ్మల మధ్య నిలబడింది.

ఆ గదిలో మిషన్లకని పొద్దంతా ఏసీ నడిపేవాళ్లు. మొదటి వారమే నా బిడ్డకు పడిశం పట్టింది. మా ఆయన ఉన్ని శాలువా ఒకటి పెట్టెలో ఉంటే తీసి ఇచ్చాను. నడి వేసవిలో, చార్మినార్ రాళ్లు కాలే ఎండలో, అది శాలువా చంకన పెట్టుకుని బస్సెక్కేది. శాలువా ఎందుకని బస్సులో ఆడవాళ్లు అడిగేవాళ్లట. ఆఫీసులో చలి అని చెప్తే ఒక్కరూ నమ్మలేదు. చివరికి జ్వరమని చెప్పడం మొదలుపెట్టింది. లేచి సీటిచ్చేవాళ్లు.