అలమారలో కాకి

నేను అబూధాబీలో నర్సుని. సెలవు రోజుల్లో కాకిని.

ఈ మాట చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు, ఆ తర్వాత అర్థం అడుగుతారు. హైదరాబాదులో ఒక చిన్న స్టూడియో వాళ్ళు పిల్లల కోసం ఇంటర్నెట్‌లో ఒక తెలుగు బొమ్మల సీరియల్ నడుపుతున్నారు. అందులో ఒక గాడిద బండి లాగుతూ ఉంటుంది. దాని నెత్తి మీద ఒక కాకి కూర్చుని పెత్తనం చేస్తూ ఉంటుంది. కథంతా అంతే. 2020లో మొదలైంది, ఇప్పటికీ వారం వారం వస్తూనే ఉంది. ఆ బండిలో ఏముందో ఇంతవరకూ స్టూడియో వాళ్ళూ చెప్పలేదు, పిల్లలూ అడగలేదు. ఆ కాకి గొంతు నాది.

లాక్‌డౌన్‌లో డబ్బింగ్ థియేటర్లు మూతపడ్డాయి. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసి పంపగలిగిన వాళ్ళ కోసం డైరెక్టరు వెతుకుతుంటే, మా చర్చి వాళ్ళ క్రిస్మస్ నాటకం వీడియో ఆయన కంటపడింది. అందులో నాది సత్రంలో చోటు లేదని నిండు చూలాలిని వెళ్ళగొట్టే ఇల్లాలి వేషం. అంత నిర్దయగా అరవగల మనిషి కాకికి పనికొస్తుందని ఆయనకు అనిపించిందట. అది పొగడ్తో కాదో నేను అడగలేదు. గాడిదకు ఇదే ఎమిరేట్ పడమటి కొసన రువైస్‌లో రిఫైనరీ కంపెనీ క్వార్టర్స్‌లో ఉండే ఒక కరీంనగర్ అబ్బాయి దొరికాడు. ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలరు, తెలుగువాళ్ళ ఫంక్షన్లలో మిమిక్రీ చేస్తాడు. నాకంటే చిన్నవాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను.

నా స్టూడియో మా పడకగదిలో బట్టల అలమార. అబూధాబీ శివారు ముసఫ్ఫాలో మాది టైర్ల షాపు పైన ఫ్లాట్. చీరలు, దుప్పట్లు వేలాడుతుంటే వాటి మధ్య తల దూర్చి మాట్లాడితే గొంతు గదిలో మోగదు. ఏసీ చప్పుడు పడుతుందని ఏసీ ఆపాలి, ఫ్రిజ్ కూడా ఆపాలి. ఆగస్టులో అబూధాబీలో ఏసీ ఆపి అలమారలో తల పెట్టడం ఎలా ఉంటుందో నేను వర్ణించను, కావాలంటే ఒకసారి చేసి చూసుకోండి. మా ఆయనకు దుబాయ్ వైపు జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌన్ ఉద్యోగం. మొదటి ఏడాది అబూధాబీలోకి రావాలంటే ప్రతిసారీ కరోనా టెస్టు చేయించుకోవాలి. ఆ గొడవలో ఆయన చాలా వారాలు అక్కడే ఉండిపోయాడు. దారులు తెరిచాక ప్రతి సెలవుకీ వచ్చి, స్విచ్‌లన్నీ ఆపేసి, కింద కెఫెటీరియాలో కరక్ చాయ్ తాగుతూ కూర్చునేవాడు. ఒకసారి ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం తనే మర్చిపోయాడు. చందువా చేపలన్నీ పాడైపోతే, ఆ పాపం కాకిదని తేల్చాడు.

మా పని పద్ధతి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే పుట్టింది. నేనూ తమ్ముడూ ఒకేసారి కూర్చుని చెప్పడం కుదరదు. అందుకని ముందు అతను గాడిద మాటలు చెప్పేస్తాడు. మధ్యలో వచ్చే కాకి మాటలు కూడా, ఎక్కడ ఎంతసేపు పడుతుందో తెలియడం కోసం, తనే చెప్తాడు. దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. హైదరాబాదులో దాన్ని బొమ్మకు జతచేసి నాకు పంపుతారు. నేను నా మాటలు చెప్పి పంపాక, అతని కాకిని కోసేసి నా కాకిని అతికిస్తారు. నేను సౌండు పూర్తిగా తగ్గించి, కాకి ముక్కు కదలిక చూసుకుంటూ చెప్పుకుపోయేదాన్ని. నా పాత్రను ఇంకొకరు ఎలా చెప్పారో వినాల్సిన ఖర్మ నాకేమిటి అనుకునేదాన్ని. అలా నాలుగేళ్ళు అతని కాకిని నేను ఒక్కసారి కూడా వినలేదు.

మొదట్లో కాకి బాగా అరిచింది. పిల్లలు ఇళ్ళలో కాకిలా తిడుతున్నారని తల్లులు స్టూడియోకి మొర పెట్టుకునేవారు. మేము దాన్ని గెలుపు కింద వేసుకున్నాం.

బొమ్మలకు వయసు రాదు. కాకికి అదే రెక్క, గాడిదకు అదే చెవి. గొంతు మాత్రం మనిషిది, అది ఊరుకోదు. గాడిద మొదటి ఏడాది ఒక్కో మాటా తీరిగ్గా నములుతూ చెప్పేది. పోనుపోను జోకులు ఎక్కువై వేగం పెరిగింది, దాన్ని అందరూ మెచ్చుకున్నారు. నా కాకేమో మెత్తబడింది. టీలో రోజుకు కొంచెం చొప్పున పంచదార తగ్గించుకుంటూ పోతే తాగే మనిషికి తెలియదే, అలా నాకూ తెలియలేదు. మధ్యలో నాకు ప్రమోషన్ వచ్చి వార్డు ఇన్‌ఛార్జినయ్యాను. కింద పనిచేసే సిస్టర్లతో ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడాలి. పైనున్న ముదీర్‌తో, అంటే మేనేజరుతో, ఇంకా నెమ్మదిగా మాట్లాడాలి. వారమంతా అలా మాట్లాడి అలమారలో తల పెడితే, నోట్లోంచి ఆ మర్యాదే ఊడిపడేది.

2024 వేసవిలో ఒక ఎపిసోడ్‌లో నా కాకిని అతికించడం మర్చిపోయారు. తమ్ముడి పైలట్ ట్రాక్ ఉన్నది ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయింది. నేను డ్యూటీలో ఉన్నాను. దిగి వచ్చి ఫోన్ చూసుకుంటే వీడియో కింద అందరూ ఒకటే రాతలు. పాత కాకి తిరిగి వచ్చిందట. మా బాబు ఎగిరి గంతులేశాడట. ఇన్నాళ్ళూ కాకికి ఏమైంది, జ్వరమా అని ఒక తల్లి ఆరా తీసింది.

పెట్టి విన్నాను. నిజంగానే నా కాకి. గొంతు మగాడిది, తిట్టు నాది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

డైరెక్టరు ఫోన్ చేసి, పొరపాటు మాదేనని పదిసార్లు చెప్పాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. ఏడాదిగా నా కాకి, ఇంటికి పంపే రోగికి ఏ మాత్ర తిండికి ముందు వేసుకోవాలో ఏది తర్వాత వేసుకోవాలో చెబుతున్నట్టు ఉందట. నాలాగా అంత విడమర్చి చెప్పే నర్సు ఈ ఎమిరేట్‌లో ఇంకొకతె ఉంటే చూపించమన్నాను. ఆ విషయంలో తనకు ఏ అనుమానమూ లేదన్నాడు. కానీ ఇంకో రెండు వారాల్లో పాత కాకి రాకపోతే వేరే గొంతు చూసుకోక తప్పదని, హైదరాబాదులో ఒక అమ్మాయి సిద్ధంగా ఉందని మర్యాదగానే చెప్పాడు.

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. నవ్వకండి. ఈ దేశంలో నేను అందరికీ సిస్టర్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుడ్ మార్నింగ్ సర్, యస్ డాక్టర్, ఏమన్నా ఫరవాలేదని మాఫీ ముష్కిల్. నేను తెలుగులో నోరారా తిట్టుకునే చోటు భూమ్మీద ఆ అలమార ఒక్కటే. అది కూడా పోతే నాలో గోదావరి మనిషి ఇంకెక్కడుంటుంది?

పాత ఎపిసోడ్లు వింటూ ప్రయత్నించాను. ఒక ఇన్‌ఛార్జి కాకిని అనుకరిస్తున్నట్టు వచ్చింది. గొంతు పెంచితే దగ్గు వచ్చింది. మా ఆయన కింది నుంచి ఫోన్ చేసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. ఇక లాభం లేదని, తిట్టడానికే తమ్ముడికి ఫోన్ చేశాను. తీరా అతను ఎత్తాక నా నోట వేరే మాట వచ్చింది.

"తమ్ముడూ, నా గొంతు నాకు నేర్పు."

 అతను, శనివారం సామాన్లు కొనుక్కోవడానికి అబూధాబీ వస్తున్నానని, అప్పుడు చూద్దామని అన్నాడు.

రువైస్ నుంచి అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చాడు. నా అలమారలో ఇద్దరి తలలూ పట్టవు. అందుకని సూపర్‌మార్కెట్ వెనక పార్కింగ్‌లో అతని కారులోనే, అద్దాలన్నీ ఎత్తి, ఇంజను ఆపి కూర్చున్నాం. వెనక సీట్లో బియ్యం బస్తా, పెరుగు డబ్బాలు. పెరుగు పులిసిపోయే లోపల నేర్చుకోవాలన్నాడు. అప్పటికి వచ్చిన స్క్రిప్టులో గాడిదకు జ్వరం, గడ్డి ముట్టదు, కాకి తిడుతుంది. ఆ మాటల్ని అతను కాకి గొంతుతో చెప్పి చూపించాడు. నేను చెప్పాను. కాదన్నాడు. మళ్ళీ చెప్పాను. ఊహూ అన్నాడు. నా పాత్రను నాకు చెప్పి నన్నే తప్పుపడుతుంటే మళ్ళీ ఒళ్ళు మండింది. ఏది తక్కువైందో సూటిగా చెప్పమన్నాను.

"ఊపిరి అక్కా," అన్నాడు. "ఓరి గాడిదా అన్నంక ఒక్కసారి ఎగపీలుస్తవ్ చూడు, గప్పుడే కాకి కాకిలెక్క ఉంటది. గది నీ స్టైల్. నేను మస్తు ప్రాక్టీస్ చేసి పట్టుకున్న."

నాకు ముందు అర్థం కాలేదు. ఇంకోసారి చేసి చూపించమన్నాను. చేశాడు. మాట సగంలో ఆగి, నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా గాలి అందుకుని, మిగిలిన సగం అరిచాడు. అప్పుడు తెలిసింది.

"అది స్టైల్ కాదు తమ్ముడూ. రెండు మాస్కులు, పైన ప్లాస్టిక్ షీల్డు. పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చి అలమారలో తల పెట్టేదాన్ని. మాస్కు తీసేసినా ఊపిరి అలాగే ఉండిపోయేది."

తమ్ముడు స్క్రిప్టు మడిచి సీటు మీద పెట్టాడు. "నాలుగేండ్ల సంది దాన్ని యాక్టింగ్ అనుకున్న," అన్నాడు.

అతని తప్పేం ఉంది? నేను కూడా మర్చిపోయాను. కాదు, మర్చిపోదామని గట్టిగా పనిచేశాను. ఆ కరోనా ఏడాది వార్డు నిండా ఐకాడ్ లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన మగవాళ్ళు. షీల్డు వెనక నుంచి మాట్లాడితే ఎవరికీ వినపడదు, అందుకని అందరినీ అరిచేదాన్ని. బోర్లా పడుకో, పానీ పీయో, మాస్కు తియ్యకు. వాళ్ళలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చినాయన ఒకడు, పైపులకు వెల్డింగు చేసేవాడు, అన్నం ముట్టేవాడు కాదు. ఓరి నాయనా, నీకు దండం పెడతాను, తిను అని నేను అరిస్తేనే నాలుగు ముద్దలు తినేవాడు. ఆమె రానీ, తిట్టినంక తింట అని పక్క మంచం ఆయనతో అనేవాడట. ఒకరోజు నన్ను వేరే వార్డుకు వేశారు. మర్నాడు వచ్చేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి ఉంది. నేను తిట్టి ఉంటే బతికేవాడని కాదు. నాలుగు ముద్దల అన్నంతో ఆగే జబ్బు కాదది, నాకు తెలుసు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కాకికి డబ్బింగ్ చెప్పాను. ఆ ఎపిసోడ్‌కే పిల్లలు ఎక్కువ నవ్వారు.

కారులో ఇదంతా తమ్ముడికి చెప్పాను. చెప్పి, అడక్కుండానే స్క్రిప్టు అందుకుని ఓరి గాడిదా అన్నాను. ఊపిరి దానంతట అదే తెగింది. మిగిలిన మాటలు నాలుగేళ్ళ కిందటి మనిషే చెప్పింది. తమ్ముడు మెల్లగా, వచ్చింది అక్కా అన్నాడు.  2020 వేసవిలో ఒక్కసారి కూడా ఏడవలేదు నేను, టైం లేక. ఇప్పుడు పెరుగు డబ్బాల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. అతను ఏసీ వేసి, టిష్యూ డబ్బా నా ఒళ్ళో పెట్టి, బయటికి వెళ్ళి ఎండలో నిలబడ్డాడు.

మర్నాడు డైరెక్టరుకు ఫోన్ చేశాను. పాత కాకి దొరికిందని చెప్పాను. సంతోషించాడు. అది నా దగ్గర లేదు, తమ్ముడి దగ్గర ఉంది, అక్కడే ఉండనివ్వండి అన్నాను. ఆ గొంతు నాకు వస్తుంది గానీ, వారం వారం ఆ వార్డులోకి వెళ్ళి రావడం నా వల్ల కాదు, ఖలాస్. అతనికైతే అది ఉత్త కాకి. హాయిగా చేస్తాడు.

"మరి మీరు మేడమ్?"

"గాడిద ఖాళీ అయ్యింది కదండీ," అన్నాను.

ఆయన ఒక రోజు టైం అడిగాడు. తర్వాత, ఆ మాత్రలు చెప్పే గొంతు గాడిదకు భలే నప్పుతుందని ఒప్పుకున్నాడు. జ్వరం వచ్చి తగ్గినందువల్ల గాడిద గొంతు మారిందని కథలో ఒక మాట కలిపారు. పిల్లలు రెండు వారాలు గొణిగి ఊరుకున్నారు.

ఇప్పుడూ ముందు చెప్పేది తమ్ముడే, కాకి మాటలు చెప్పి పంపుతాడు. నేను సౌండు తగ్గించడం మానేశాను. మొదటిసారి మా ఆయన స్విచ్‌లన్నీ ఆపేసి కిందికి వెళ్ళాక, చీరల మధ్య తల పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్లే నొక్కాను. ఓరి గాడిదా అని, ఊపిరి ఎగబీల్చి, ఎప్పుడనగా తిన్నావు, లేచి రెండు పరకలైనా నమలరా అని నా గొంతు నన్ను తిట్టింది. ఆ ఏడాది నేను అంతమందిని తినమని అరిచాను. నన్ను ఎవరూ అరవలేదు. స్క్రిప్టులో గాడిద అనాల్సిన మాట ఒక్కటే, సరే అని. చెప్పడానికి నాకు మూడు టేకులు పట్టింది.