వాగు వైపు మైకు

నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నన్ను తిట్టేది. అలాంటివాణ్ణి ఒక్క సంగతిని ఇన్నేళ్ళు దాచాను. దాచాను అంటే గొప్పగా ఉంది. మోశాను. కట్టుకున్నదానికి చెప్పలేదు, కన్నబిడ్డకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

ఎక్కడ మైకు కట్టి ఉన్నా నా చూపు ముందు దాని మూతి మీదికే పోతుంది. పెళ్ళి పందిట్లో అయినా అంతే, ఎన్నికల జీపు మీద అయినా అంతే. కోటప్పకొండ తిరనాళ్ళలో జనమంతా ప్రభల వంక చూస్తుంటే నేను స్తంభాల మీద మైకులు చూస్తూ నిలబడతాను. ఇది ఎటు తిరిగి ఉంది? దీని మాట ఎవరికి చేరుతుంది, ఎవరికి చేరదు? ఇదేం పిచ్చండీ అని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. ఉద్యోగంలో పట్టిన అలవాటులే అని తప్పించుకున్నాను.

ఎనభైల చివర్లో మాచర్ల అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నాది. అప్పటిదాకా ప్లాన్లన్నీ ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పెన్నుతో గీసేవాళ్ళం. ఉన్నట్టుండి కంపెనీ ఒక కంప్యూటర్ కొన్నది. నన్ను హైదరాబాదు పంపి, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ నేర్పించింది. తిరిగొచ్చాక నాకు ఏసీ గది ఇచ్చారు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఒట్టి కాళ్ళతో వచ్చి నా వెనక నిలబడి తెర వంక నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. నాకు ఇరవయ్యారేళ్ళు. కాలు నేల మీద ఆనితేగా!

సున్నపురాయి తవ్వే క్వారీలో రోజూ మధ్యాహ్నం మందు పెట్టి పేల్చేవాళ్ళు. పేల్చేముందు ఎర్రజెండా ఎగరేసి, మైకులో అందరూ దూరంగా పొమ్మని అరిచేవాళ్ళు. క్వారీ పెరిగింది, ఒక్క మైకు చాలడం లేదు. చుట్టూ స్తంభాల మీద మైకులు పెట్టాలి, ఎక్కడెక్కడ పెట్టాలో, ఏది ఎటు తిప్పాలో కంప్యూటర్‌లో గీసి ఇవ్వు అన్నాడు మేనేజర్.

ఆ పని ఎలా ఉంటుందో మీకు కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మైకు గుర్తు ఒకసారి గీసి దాచుకుంటే చాలు. ఆ తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టొచ్చు. ఎటు తిప్పాలో యంత్రమే అడుగుతుంది. ఒక అంకె కొడితే మైకు మూతి అటు తిరుగుతుంది. పక్కనే ఏ స్తంభం, ఎంత ఎత్తు, ఫుల్లు శక్తా సగం శక్తా రాసుకోవాలి. శబ్దం ఎంతమేర పోతుందో చూపించడానికి మూతి ముందు విసనకర్ర లాంటి ఆకారం గీశాను. ఆ విసనకర్రల్ని మాత్రం వేరే పొరలో పెట్టాను. ఒక కాగితం మీద ఇంకో పల్చటి కాగితం పరిచినట్టు. అంటే మైకుని తిప్పితే విసనకర్ర దానంతటది తిరగదు. దాన్ని మళ్ళీ విడిగా తిప్పాలి. ఇది గుర్తుపెట్టుకోండి.

నా బొమ్మ కాగితం మీదికి దిగాక ఎలక్ట్రీషియన్ బాషా దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళి, స్తంభాలెక్కి అందులో ఉన్నట్టే బిగించాడు. బొమ్మలో ఉంటే బాషా ఎదురు అడగడు. నా మీద అంత నమ్మకం.

క్వారీకి ఒకవైపు వాగు. మధ్యలో తవ్విపోసిన రాళ్ళగుట్ట. అటువైపు గొర్రెలు, మేకలు మేపుకునేవాళ్ళకి ఎర్రజెండా కనపడదు, మిగతా మైకులు వినపడవు. అందుకని ఒక మైకు కేవలం వాళ్ళ కోసమే పెట్టాం.

గురవమ్మ అక్కడే మేకలు మేపేది. ముప్పయ్యేళ్ళు దాటి ఉండవు, మొగుడు లేడు, ఆ మేకలే ఆధారం. పొద్దున్నే మా క్వార్టర్ మీదుగా పోతూ గేటు దగ్గర ఆగేది. అప్పటికి మా పాప పుట్టి మూడు నెలలు. లోపల ఉయ్యాల్లో పిల్ల కాలు కదిపినా గురవమ్మకి గేటు దగ్గరికి వినపడేది. పాప లేచినట్టుందమ్మా, చూసుకో అనేది మా ఆవిడతో. నిజంగానే లేచి ఉండేది. ఈవిడ చెవులు చెవులు కావు అని మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఆమె చెవుల సంగతి నాకు తెలుసు.

మా క్వార్టర్ చివరి వరసలో ఉంది. వాగు మైకు చప్పుడు వాలుగా మా ఇంటికీ తగిలేది. పేలుడుకి మా పాప అలవాటు పడింది. అది గోతిలో ఎక్కడో డమ్మనేది. ఆ మైకు కీచుగొంతే పడలేదు. రోజూ మధ్యాహ్నం అప్పుడే కన్నంటుకున్న పిల్ల ఉలిక్కిపడి లేచి, గుక్కపట్టి నీలం తిరిగిపోయేది. మా ఆవిడ బాలింత, నిద్రలేక మనిషి సగమైంది. అంత పెద్ద కంప్యూటరంటారు, ఆ ఒక్క మైకు నోరు మూయించలేరా అని ఒకరోజు ఏడ్చింది.

నేను మూయించగలను. ఎందుకు మూయించలేను?

మర్నాడు పొద్దున వెళ్ళి తెర మీద ఆ మైకుని పట్టుకున్నాను. పాత అంకె చెరిపి కొత్త అంకె కొట్టాను. మూతి మా ఇంటి నుంచి పక్కకి జరిగింది. వాగు నుంచి కూడా జరిగింది. ఇప్పుడు అది మనుషులెవరూ లేని కొండకేసి చూస్తోంది. ఫుల్లు శక్తి తీసి సగం అని రాశాను. తెర మీద ఎంత తేలికండీ. చెమట పట్టదు, స్తంభం ఎక్కక్కర్లేదు, ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

విసనకర్ర మాత్రం వాగు మీదే ఉండిపోయింది. మరిచిపోయానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. వేరే పొర కదా, ఎవరైనా మరిచిపోతారు అని. ఇవాళ మీ దగ్గర కూడా అదే చెబితే ఇక రాయడం ఎందుకు? మరిచిపోలేదు. చూశాను. దాన్ని కూడా తిప్పితే వాగు ఖాళీగా కనిపిస్తుంది, మేనేజర్ అడుగుతాడు. అందుకే వదిలేశాను. మైకు ఒకవైపు, దాని నీడ ఇంకోవైపు. కొత్త బొమ్మ తీసి బాషాకి ఇచ్చాను. చిన్న మార్పు, పైవాళ్ళు చెప్పారు అన్నాను. సాయంత్రానికి తిప్పేశాడు.

ఆ మర్నాడు భోజనానికి ఇంటికి వచ్చాను. మైకు మోగింది. ఎక్కడో ఎవరో గొణిగినట్టు వినపడింది. ఉయ్యాల్లో పిల్ల కదల్లేదు. పేలుడు డమ్మంది. అయినా కదల్లేదు. మేమిద్దరం ఉయ్యాలకి చెరోవైపు నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. పెళ్ళయ్యాక మేమంత సంతోషంగా ఉన్న క్షణాలు చాలా తక్కువ.

సరిగ్గా ఆ నవ్వు నవ్వుతున్నప్పుడే వాగు ఒడ్డున, పేలుడుకి ఎగిరిన రాయి వచ్చి గురవమ్మ మోకాలి మీద పడింది.

ఒక మేక అక్కడికక్కడే చచ్చిపోయింది. గురవమ్మని జీపులో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. మోకాలి పైదాకా తీసేశారు.

ఎంక్వయిరీ పెట్టారు. బల్ల మీద నా బొమ్మ పరిచారు. తేలు కుట్టిన దొంగలా మూల కుర్చీలో కూర్చున్నాను. మేనేజర్ వేలు విసనకర్ర మీద పెట్టి, శబ్దం వాగు దాటి కూడా పోతోంది కదయ్యా, ఇంక వినపడకపోవడం ఏమిటి అన్నాడు. మైకు మూతి వంక ఎవరూ చూడలేదు. బొమ్మలో అది వేలిగోరంత ఉంటుంది. మైకు మోగిందని అందరూ సాక్ష్యం చెప్పారు. మోగింది నిజమే. అయితే ఆమెకే వినపడి ఉండదు అన్నారొకరు. పిలిస్తే పలికే రకం కాదులెండి అన్నారింకొకరు. ఆ మనిషి గురవమ్మని ఎన్నడైనా పిలిచాడో లేదో! చివరికి మేనేజర్, చెవిటివాడి ముందు శంఖం ఊదితే మనమేం చేస్తాం అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. ఈవిడ చెవులు చెవులు కావు అని నవ్విన ఈ నోటితోనే.

అప్పుడు లేచి ఒక్క మాట అని ఉండొచ్చు. ఎందుకు అనలేదు? ఉద్యోగం పోతుందనా? పోతే పోయేది, ఇంకెక్కడో ట్రేసింగ్ పేపర్ మీద గీసుకునేవాణ్ణి. జైల్లో వేస్తారనా? అదీ ఉంది. కానీ అడుగున ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే సిగ్గేస్తోంది. కంప్యూటర్ గీసింది తప్పంటే నన్ను మళ్ళీ మామూలు మనిషిని చేస్తారని భయం. ఒక మనిషి కాలు ఒకవైపు, నా ఏసీ గది ఒకవైపు. నేను గది వైపు కూర్చున్నాను.

ఆ వారమే సవరణ అని రాసి మైకుని మళ్ళీ వాగు వైపు తిప్పించాను. బాషా స్తంభం దిగి నా వంక ఒకసారి చూశాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు నేనే అతనికి ఎదురుపడకుండా తిరిగాను.

మా ఆవిడ పండ్లూ రొట్టే కట్టి, మీరెళ్ళి చూసిరండి అని పంపింది. ఆసుపత్రి వరండాలో నేల మీద పడుకుని ఉంది గురవమ్మ. నన్ను చూడగానే లేవబోయింది. పాప బాగుందా అని అడిగింది ముందు. ఆ తర్వాత అసలు మాటకి వచ్చింది.

"సారూ, నిన్నొక మాట అడగాల. ఆ పొద్దు మైకు మోగిందా?"

"మోగింది గురవమ్మా."

"మా వాగు మైకే?"

"అదే. అన్నీ మోగినయి."



"నాకు ఇనపళ్ళా సారూ. ముందురోజులన్నీ ఇన్నా. ఆ పొద్దే ఇనపళ్ళా. అందరూ నాకు చెవుడంటన్నారు. నిజమేనంటావా?"

ఇప్పటికీ ఆ ప్రశ్న అక్కడే ఉంది. జవాబు కోసం నా మొహంలోకి చూస్తోంది.

"అయ్యుండొచ్చులే. ఎండన పడి తిరిగేవాళ్ళకి అట్టా అవుద్ది," అన్నాను.

"అంతేనేమోలే. చదువుకున్నోడివి, నువ్వు చెప్తే కాదా?"

అంతే. ఆమె నమ్మింది. లోకమంతా తనకి చెవుడంటే నమ్మలేదు. నేనంటే నమ్మింది.

ఫ్యాక్టరీ ఆసుపత్రి ఖర్చు భరించి చేతులు దులుపుకుంది. క్యాంటీన్లో ఏదన్నా పని ఇప్పించండని ఊరివాళ్ళు వస్తే, చెవిటి మనిషిని క్వారీ పక్కకి పంపింది మీరే కదా అని తిప్పి పంపేశారు. ఆమె మేకల్ని అమ్ముకుంది. ఊళ్ళో ఆమె పేరు చెవిటి గురవమ్మ అయింది. కొన్నాళ్ళకి అందరూ ఆమెతో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లలైతే చేతులతో సైగలు చేసేవాళ్ళు. నేనైతే మాట్లాడటమే మానేశాను. మా గేటు ముందు ఆగే మనిషి లేకపోవడం నాకు హాయిగా ఉండిందని చెబితే నా మొహాన ఉమ్మేస్తారా? ఉమ్మండి.

ఇంకొక్కటి ఉంది. చాలా ఏళ్ళ తర్వాత, ఫ్యాక్టరీ వదిలేశాక, పని మీద మాచర్ల వెళ్ళాను. బస్టాండులో, గంప ముందు పెట్టుకుని సీతాఫలాలు అమ్ముతూ కనిపించింది. జుట్టు నెరిసింది. పక్కన చంకకర్ర. ఆమె నన్ను చూడలేదు. నేను వెనక నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. చుట్టూ బస్సుల హోరు, కండక్టర్ల కేకలు. ఆ గోలలో, నాకే సరిగా వినపడనంత మెల్లగా, గురవమ్మా అన్నాను.

చటుక్కున వెనక్కి తిరిగింది.

కళ్ళు చికిలించి చూసింది. గుర్తుపట్టలేదు. తర్వాత అరచెయ్యి చెవి దగ్గర దొప్పలా పెట్టుకుని, "గట్టిగా చెప్పయ్యా, నాకు చెవుడు," అంది.

రెండు కాయలు కొని బస్సెక్కాను. వాటిని తినలేక దారిలో కిటికీలోంచి పారేశాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. కాలు మీది కాదు, చెవులూ మీవి కావు. ఆ మాట నా నోటి నుంచి ఒకసారి బయటికి రావాలి, అంతే. గురవమ్మా, ఆ రోజు మైకు మోగింది. కొండకేసి మోగింది. నా బిడ్డ ఒక్క మధ్యాహ్నం నిద్రపోవాలని దాని మూతి తిప్పింది నేను. నీ చెవులకి ఏమీ కాలేదు. అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. కానీ ఆమెకి చదువు రాదు, ఇది ఆమెని చేరదు. ఇది కూడా కొండకేసి తిప్పిన మైకే. సీతాఫలాల రోజుల్లో ఆమె ఇప్పటికీ ఆ బస్టాండులోనే కూర్చుంటుందట. బస్సెక్కితే సాయంత్రానికి వెళ్ళి రావచ్చు. వెళ్ళి ఆమె పక్కన కూర్చుని చెప్పాలి. అరవక్కర్లేదు. మెల్లగా చెప్పినా ఆమెకి వినపడుతుంది.