అనుమానాల క్లాసు

మా కాలేజీలో నా క్లాసుకి పిల్లలు పెట్టుకున్న పేరు అనుమానాల క్లాసు. ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సెమిస్టర్‌కి సాహిత్య విమర్శ పరిచయం చెబుతాను. కథ చెప్పేది ఎవరు, ఎవరికి చెబుతున్నారు, ఎవరి మాట వినపడకుండా పోయింది, ఇవి అడగడం వచ్చేస్తే సిద్ధాంతాల పేర్లు తర్వాత నేర్చుకోవచ్చని నా వాదన. పిల్లలకేమో సైడ్ హెడ్డింగులు కావాలి. గోపాలపట్నం జిరాక్సు షాపులో దొరికే నోట్సు బట్టీపట్టి, హెడ్డింగుల కింద స్కెచ్ పెన్నుతో గీతలు కొడితే పాసైపోతారు. ఆ నోట్సు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే మొదటి వారం పుస్తకం తెరవను. ఒక ఏడాది బోర్డు మీద ఒక్క వాక్యం రాశాను. 'జాగ్రత్తగా పని చేయండి, ఇంట్లో మీ కోసం ఎదురుచూస్తున్నారు.' మా ఊళ్లో ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కనబడే మాటే. ఎవరు ఎవరితో అంటున్నారని అడిగాను. కంపెనీయే వర్కర్లతో అంటోందని చెప్పి అందరూ ఊరుకున్నారు. అప్పుడు, గాజువాక నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచింది. అప్పటిదాకా నోరు విప్పని పిల్ల.

"మాయమ్మ కూడా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికెల్తాది మేడమ్. మా ఇంటికాడ ఎవులూ ఎదురు సూడరండి. ఆవిడొచ్చి పొయ్యెలిగిస్తేనే అందరికీ కూడు. గేటుకాడ ఆ బోర్డు రాసినోళ్లు మాయమ్మని సూడనేదండి."

స్త్రీవాద విమర్శ గురించి నేను నెల తర్వాత చెప్పబోయే పాఠాన్ని ఆ పిల్ల నిలబడి నాలుగు మాటల్లో చెప్పేసింది. ఆ సెమిస్టరంతా ఆమె కోసమే పాఠం చెప్పాను. మిగతావాళ్లు ఏమీ అనుకోరు, వాళ్లు ఫోన్లలో ఉన్నారు. ఒకరోజు వరండాలో నన్ను ఆపి, "పీహెచ్‌డీ అంటే ఏటి సెయ్యాల మేడమ్?" అంది. ఎంత సంబరపడ్డానో! రెండో సెమిస్టర్‌లో ఈ పేపర్ కొనసాగింపు తీసుకో, అక్కణ్ణుంచి దారి నేను చూపిస్తానన్నాను.

ఆ కొనసాగింపు ఇష్టమున్నవాళ్లకే. పదిమంది చేరితేనే నడుస్తుంది. ఆ పిల్లే క్లాసులో అందరి వెంటా పడింది.

"ఇది సదివితే రుషికొండ ఐటీ కంపెనీలోళ్లు జాబిస్తారేటి?" అని ఒకడు ఆటపట్టించాడు.

"ఆళ్లు సెప్పిందల్లా నమ్మకుండా ఉండడానికి పనికొత్తాదిరా" అంది.

మొత్తానికి పదిమందినీ పోగుచేసింది. ఇంతలో నోటీసు వచ్చింది. కమ్యూనికేషన్ స్కిల్స్ పేపర్ తీసుకున్నవాళ్లనే క్యాంపస్ ఇంటర్వ్యూలకు పంపుతారట. రెండు పేపర్లలో ఒక్కటే తీసుకోవాలి. ఒక్కొక్కరే జారుకున్నారు. అందరికంటే చివర ఆమె వచ్చింది.

"నానూ మారిపోతన్నాను మేడమ్. మాయమ్మని పనిలోంచి తీసేత్తారంటన్నారు. నాకు జాబు కావాల. ఏటనుకోకండి."

ఏమనుకుంటాను? మంచి పనే చేశావన్నాను. ఆ పూట ఇంటికెళ్లాక అన్నం తినబుద్ధి కాలేదు. ఆమె మీద కోపం లేదు. సొంతంగా ఆలోచించడం మొదలుపెట్టిన పిల్లకి కాస్త చోటు చూపించలేకపోయామే అన్న బాధ. అది ఇప్పటికీ తగ్గలేదు.

నా పేపర్ రద్దయింది. ఖాళీగా ఉన్నానని నాకు ఆ కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసే అప్పగించారు. సెమిస్టర్ చివర మాక్ ఇంటర్వ్యూలు పెట్టాం. నేను కంపెనీ తరఫు మనిషిని, వాళ్లు ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు. ముందే ఇచ్చిన ప్రశ్నలే అడగాలి, జవాబు వాటితోపాటు ఇచ్చిన నమూనాకి దగ్గరగా ఉంటే మార్కులు వెయ్యాలి. ఆమె వంతు వచ్చింది. మీలో ఉన్న మంచి గుణం ఏమిటని అడిగాను.

చేతులు ఒళ్లో పెట్టుకుని, చక్కటి ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఎదురు ప్రశ్నలు వెయ్యనంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తానంది.

పూర్తి మార్కులు వేశాను.