అమ్మమ్మ కన్నూ, నా కమాన్లూ

ఆ రోజుల్లో బెజవాడ నుంచి పామర్రుకు రోడ్డు మీద వచ్చేవాడికి రెండు ఉండకూడదు. ఒకటి తొందర, రెండోది నడుము. కంకర తేలిన రోడ్డు, దాని మీద ఎడ్లబళ్ళ చక్రాలు తవ్విన గాళ్ళు, ఆ గాళ్ళలో పడి లేస్తూ బొగ్గుతో నడిచే బస్సులు. బుద్ధున్నవాళ్ళు హాయిగా కాలువలో పడవెక్కి నిద్రపోతూ వెళ్ళేవాళ్ళు. నాకు అప్పట్లో బుద్ధి లేదు గానీ దానికి బదులుగా పందొమ్మిదేళ్ళ వయసూ, బెజవాడలో ఒక మోటారు షెడ్డులో రెండేళ్ళు స్పానరు పట్టిన అనుభవమూ ఉన్నాయి. మోటార్ల గురించి నాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకం. (తెలియనివి ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడుతూ వచ్చాయి. ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.)

మా మామయ్యది బట్టల వ్యాపారం. పామర్రు చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన చీరలూ పంచెలూ కొని, బేళ్ళు కట్టి, బెజవాడ హోల్‌సేలు కొట్టుకు వేసేవాడు. అందుకోసం ఒక పాత కారు కొన్నాడు, దాన్ని నడిపే పని నాది. అది ఒకప్పుడు ఎవరో జమీందారు గారిని మోసిందట. మా ఇంటికి వచ్చాక బేళ్ళను మోసింది. వెనక సీటు ఊడదీసి అటక మీద పడేసి, ఆ చోట ఆరేసి బేళ్ళు కుక్కేవాళ్ళం. వచ్చేటప్పుడు నూలు వేసుకు వచ్చేవాళ్ళం. బండి ఖాళీగా తిరగడమంటే మామయ్యకు అరిష్టంతో సమానం. "ఖాళీ బండి కొట్టు ముందు ఆగిందంటే ఆ రోజు బేరం కూడా ఖాళీయేరా" అనేవాడు. అందువల్ల మా ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఆ కారును బరువు లేకుండా చూసి ఎరగరు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోలేదు.

యుద్ధం అయిపోయిన కొత్తల్లో ఆ బండి పరిస్థితి ఏమీ బాగాలేదు. బేళ్ళ బరువుకు వెనక కూలబడిపోయి, ముక్కు ఆకాశానికి ఎత్తుకుని నడిచేది. మలుపు దగ్గర చక్రం తిప్పితే ముందు భాగం మన మాట వినేది, వెనక భాగం కాస్త ఆలోచించుకుని వచ్చేది. సరిగ్గా అప్పుడే అమ్మమ్మకు కంటి ఆపరేషను నిశ్చయమైంది. మామయ్యకు తల్లి కాబట్టి ఇంటికి పెద్ద ఆవిడే. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చుని నేసిన మనిషి. ఒక కన్ను అంతకు నాలుగేళ్ళ ముందే నాటువైద్యుడి చేతిలో పోయింది. మిగిలిన దానికీ పొర కమ్మేసింది. బెజవాడలో కంటి డాక్టరు గారు పొర తీశారు. "ఆపరేషను బాగానే జరిగిందండీ. కట్టు విప్పేదాకా మాత్రం తల కదలకూడదు. గట్టిగా కుదుపు తగిలిందంటే ఈ కన్ను మీద కూడా ఆశ వదులుకోవాల్సిందే" అన్నారు.

పది రోజులు ఆసుపత్రిలో మంచం మీద కదలకుండా ఉండేసరికి అమ్మమ్మకు విసుగొచ్చింది. "చూపొస్తే మా ఇంట్లోనే రావాలి. ఈ మందుల కంపులో కాదు" అని పట్టుబట్టింది. పడవలో తెద్దామంటే ఎండాకాలం, కాలువలు కట్టేశారు. ఇంకో వారం అక్కడే ఉంచుదామని డాక్టరు గారూ అన్నారు, మామయ్యా అన్నాడు. అంతా ఆ మాట మీదే ఉండిపోతే ఈ కథ లేదు. నేను మధ్యలో దూరి, "నా బండిలో తీసుకొస్తాను మామయ్యా. మంచం మీద పడుకున్నట్టే ఉంటుంది" అన్నాను.

ఆ ధైర్యానికి కారణం లేకపోలేదు. ఆ పది రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్టలను మేం కమాన్లు అంటాం. మిలిటరీ వాళ్ళు పాత సామాను అమ్మేసిన చోట ఒక లారీ కమాన్లు దొరికితే, వాటిలోంచి పక్కకు రెండేసి పట్టీలు తీసి మా కారు వెనక కమాన్లలో కలిపి బిగించాను. ఊపు ఆపడానికి చక్రాల దగ్గర ఉండే నూనె డబ్బాలు ఎండిపోతే, వాటిలో అత్తయ్య తలకు రాసుకునే ఆముదం పోశాను. (ఈ ఆలోచన నాదే. వారం రోజులు అత్తయ్య ఆముదం సీసా కోసం ఇల్లంతా వెతికిన విషయం నాకు తెలియదన్నట్టే ఉన్నాను.) ఆరు బేళ్ళు వేసి బెజవాడ దాకా నడిపి చూస్తే, నిజం చెప్పాలి, అద్భుతంగా నడిచింది. కూలబడటం లేదు, మలుపుల్లో తూలటం లేదు. తిరిగి వచ్చేటప్పుడు నూలు బేళ్ళ మీద నిండా నీళ్ళు పోసిన చెంబు పెట్టి ఉయ్యూరు నుంచి పామర్రు వచ్చి, మామయ్యను పిలిచి చూపించాను. చుక్క తొణకలేదు. మామయ్య చెంబులోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు, "సరేరా, ఇంజనీరూ" అన్నాడు. నా జన్మలో అంతకన్నా పెద్ద పట్టా నాకు మళ్ళీ రాలేదు.

తీసుకొచ్చే రోజు ఉదయం ఎప్పటిలాగే బేళ్ళు వేసుకుని, వెనక సీటు పైన కట్టుకుని, అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని బెజవాడ చేరాను. కొట్టు దగ్గర బేళ్ళు దించాక, బేళ్ళకు చుట్టిన గోనెపట్టాలు మాత్రం మడిచి వెనక పెట్టాను. అవి తిరిగి తేకపోతే మామయ్య అన్నం పెట్టనివ్వడు. "ఇవాళ నూలు వెయ్యొద్దు. అమ్మకి చోటు కావాలి, బండి శుభ్రంగా ఉండాలి" అని ముందే చెప్పి పంపాడు. సీటు బిగించి, దాని మీద పరుపు వేసి, బండి కడిగి తుడిచాను. కొట్టు నుంచి ఆసుపత్రి దాకా వెళ్ళేటప్పుడు వెనక ఏదో దడదడలాడింది. సీటు సరిగ్గా కూర్చోలేదేమో అనుకున్నాను.

అమ్మమ్మను నలుగురు మోసుకొచ్చి పడుకోబెట్టారు. రెండు కళ్ళకీ కట్టు. తల అత్తయ్య ఒళ్ళో ఉంది. డాక్టరు గారు స్వయంగా మెట్ల దాకా వచ్చి, "బాబూ, జాగ్రత్త" అన్నారు. "మీరేం భయపడకండి సార్, కమాన్లు నేనే చేశాను" అని ఆయనకు అభయమిచ్చాను.

ఊళ్ళో నున్నటి రోడ్డు మీద ఏమీ తెలియలేదు. పటమట దాటి కంకర మీదకు ఎక్కాం. మొదటి గుంటలో పడగానే బండి వెనక భాగం అమాంతం లేచి, దభీమని కింద పడింది. అత్తయ్య కెవ్వుమంది. నేను వేగం తగ్గించాను. తగ్గించినా రెండోది, ఆ వెంటనే మూడోది. చిన్న రాయి తగిలినా బండి గంతు వేస్తోంది.

"ఆపరా నాయనా! ఆపు! మీ అమ్మమ్మ తల నా చేతుల్లో నిలవట్లేదురా!" అని అత్తయ్య అరిచింది.

"ఒరే, ఇది కారా, రోకలా?" అంది అమ్మమ్మ. గొంతు ఎప్పటిలాగే ఉంది గానీ చేతులు మాత్రం పరుపు అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ చేతులు చూసేసరికి నా ప్రాణం పోయింది.

బండి ఆపి కిందికి దూరాను. కమాన్లు బిర్రబిగుసుకుని బల్లచెక్కల్లా ఉన్నాయి, కాస్తయినా వంగలేదు. ఏ పట్టీ విరగలేదు, ఏ బోల్టూ వదులవలేదు. నేను ఎలా బిగించానో అలాగే ఉన్నాయి, అయినా బండి గంతులు వేస్తోంది. నిన్నటిదాకా చెంబులో నీళ్ళు తొణకని బండికి ఇవాళ ఏం వచ్చిందో నాకు బోధపడలేదు. విప్పుదామంటే సామాను లేదు. వెనక్కి వెళ్దామన్నా అవే గుంటలు. అమ్మమ్మ కన్ను నా చేతులారా పోగొట్టానన్న భయంతో, సిగ్గు విడిచి చెబుతున్నాను, బండి కిందే పడుకుని ఏడ్చాను.

"ఎందుకేడుస్తున్నాడే వాడు?" అని పైనుంచి వినపడింది. "ఒరే, ఇటు రా. నిన్న ఎట్లా వచ్చింది నీ బండి?"

"బాగానే వచ్చింది అమ్మమ్మా. చెంబు పెడితే కూడా..."

"చెంబు సంగతి తర్వాత. నిన్న అందులో ఏముంది?"

"ఎప్పుడూ ఉండేవే. బేళ్ళు."

"మరి ఇప్పుడు?"

"ఖాళీ."

"పడుగు ఎక్కించని మగ్గం ఆడిస్తే మోత తప్ప గుడ్డ వస్తుందట్రా? బరువుకి అలవాటు పడ్డదానికి బరువు తీసేస్తే ఎగరక ఏం చేస్తుంది? వెళ్ళి ఏదైనా బరువు తెచ్చి వెయ్యి."

రెండు కళ్ళకూ కట్టు ఉన్న మనిషి వెల్లకిలా పడుకుని చెప్పిన ఆ మాట, బండి కింద దూరి రెండు కళ్ళతో చూసిన నాకు తట్టలేదు. బేళ్ళుంటేనే వంగేలా కమాన్లు బిగించి, బేళ్ళతోనే పరీక్ష చేసి, బేళ్ళ మీదే చెంబు పెట్టి మురిసిపోయాను. అయితే బరువు ఎక్కడి నుంచి తేవాలి? చుట్టూ చూస్తే, రోడ్డు పక్కన కట్టేసిన కాలువ. నీళ్ళు లేవు, అడుగున ఇసక ఉంది, పూడిక తీసే కూలీలు ఉన్నారు. నా దగ్గర గోనెపట్టాలు ఉన్నాయి.

మేస్త్రీ దగ్గరకు పరుగెత్తి విషయం చెప్పాను. అతను నన్నూ కారునూ మార్చి మార్చి చూసి, "ఏం బాబూ, కార్లో ఇసక తోలుకెళ్తారా? మీ ఊళ్ళో లేదా ఏంటండీ?" అన్నాడు. కూలీలు ఒకటే నవ్వు. కానీ కట్టుకట్టుకుని పడుకున్న ముసలావిడను చూడగానే నవ్వు ఆపేసి, పలుగూ పారా తీసుకుని తడి ఇసక ఎత్తి పోశారు. గోనెపట్టాల్లో మూటలు కట్టి సీటు ముందు రెండు, వెనక సామాను పెట్టే చోట మూడు, నా పక్కన ఒకటి. లెక్క సరిగ్గా ఆరు. బండి మెల్లగా కిందికి దిగి, తన మామూలు ఎత్తులో స్థిరపడింది.

అక్కడి నుంచి పామర్రు దాకా నడిచే మనిషి కన్నా కాస్త వేగంగా నడిపాను. ఎడ్లబళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి. కంకిపాడు దగ్గర వెనక నుంచి చిన్న గురక వినపడింది. "పడుకున్నారు" అంది అత్తయ్య గుసగుసగా. జీవితంలో నాకు అంత తీయగా వినిపించిన శబ్దం మరొకటి లేదు.

ఇంటి ముందు బండి ఆగగానే వీధివీధంతా అమ్మమ్మను చూడటానికి వచ్చింది. ఆవిడను లోపలికి చేర్చాక నేను బండిలోంచి ఇసక మూటలు దించుతుంటే అందరూ నిలబడి చూశారు. "బెజవాడ నుంచి కార్లో ఇసక తెచ్చాడ్రోయ్!" అన్నారెవరో. ఆ రోజు నుంచి పామర్రులో నా పేరు ఇసక ఇంజనీరు. మామయ్య మాత్రం అత్తయ్య చెప్పిందంతా విని, వచ్చి నాతో పాటు మూటలు దించాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తెచ్చిన ఇసకలో కొంత అత్తయ్య మంచినీళ్ళ కుండ కింద పోసింది, నీళ్ళు చల్లగా ఉంటాయని. మిగిలింది పెరట్లో కుప్ప పడింది.

కట్టు విప్పడానికి ఇంకా ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ నాకు అన్నం సయించలేదు. పగలంతా బండి కింద దూరి ఆ లారీ పట్టీలు విప్పేసి, పాతవాటినే కొలిమిలో కాల్చి వంపు తిరిగేలా కొట్టించాను. మధ్యమధ్య వచ్చి అమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. మూడు కుదుపులు. మొదటిది పెద్దది. ఏ కుదుపుకు ఏమైందో అని లెక్కలు వేసుకునేవాణ్ణి. "ఎవడ్రా గుమ్మంలో? ఇంజనీరా? పోయి స్నానం చెయ్యి, ఆముదం కంపు" అనేది అమ్మమ్మ. అడిగే ధైర్యం లేక వెళ్ళిపోయేవాణ్ణి.

ఏడో రోజు ఊళ్ళో డాక్టరు గారు వచ్చి కిటికీలు సగం మూయించి కట్టు విప్పారు. నేను తలుపు వెనక ఉన్నాను. అమ్మమ్మ చాలాసేపు కన్ను తెరవలేదు. తెరిచాక రెండుసార్లు రెప్పలార్చింది. మామయ్య ముందుకు వంగి, "అమ్మా, కనపడుతోందా?" అన్నాడు. ఆవిడ కొడుకు వైపు చూడలేదు, డాక్టరు వైపూ చూడలేదు. గుమ్మంలోంచి వసారాలో మూలనున్న కుండ వైపు చూస్తూ, చిరాగ్గా అంది.

"ఆ కుండ కింద ఇసక ఎండిపోయింది, ఎవరికీ కళ్ళు లేవా? నీళ్ళు చల్లండే!"

అత్తయ్య నవ్వుతూ ఏడ్చింది. మామయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. నేను పరుగెత్తుకెళ్ళి చెంబు తెచ్చి, ఆ కంగారులో సగం ఇసక మీదా సగం నా కాళ్ళ మీదా పోశాను.

ఆ తర్వాత నాకూ సొంత షెడ్డు వచ్చింది, జుట్టు నెరిసింది. ఎవరైనా కమాన్లు బాగుచేయమని బండి తెస్తే ఇప్పటికీ వెంటనే బానెట్టు ఎత్తను, కిందికీ దూరను. ముందు, "ఇందులో ఎవరు కూర్చుంటారండీ? ఎంత బరువు వేస్తారు?" అని అడుగుతాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ ముసలాడికి మతి పోయిందనుకుంటారు. అనుకోనీండి. ఆ పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి కూడా ఎవరైనా ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది అనుకుంటాను. అంతలోనే, అడిగితే మాత్రం వాడు వినేవాడా, నీళ్ళ చెంబు తెచ్చి చూపించేవాడు కాదూ, అని నాలో నేనే నవ్వుకుని పనిలో పడతాను.